లెన్స్‌ను వైజాగ్ నుంచి చెన్నై సర్వీస్ సెంటరుకు పంపాలి: ప్యాకింగ్ ఎలా చేయాలి?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర ఒక డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా బాడీ (లెన్స్ తీసేసిన కెమెరా), 70-200 ఎఫ్2.8 జూమ్ లెన్స్ ఉన్నాయి. లెన్స్ లోపలి అద్దం మీద సాలెగూటి పోగుల్లా ఫంగస్ పట్టింది. ఆటోఫోకస్ కూడా గురి తప్పుతుండడంతో రెండింటినీ కలిపి చెన్నైలోని సర్వీస్ సెంటరుకు పంపమన్నారు.

రెండేళ్ల కిందట ఒక చిన్న లెన్స్‌ను పాత దినపత్రికలలో చుట్టి, చెప్పుల పెట్టెలో పెట్టి కొరియర్‌లో పంపాను. అది చేరేసరికి లెన్స్‌ను కెమెరాకు బిగించే మౌంట్ వంగిపోయింది. లెన్స్ ముందు రక్షణగా బిగించిన యూవీ ఫిల్టర్ పగిలి, ఆ పెంకులు అసలు అద్దాన్నే గీశాయి. పరిహారం అడిగితే ప్యాకింగ్ సరిగా లేదన్నారు. ఆ మాటలో అబద్ధం లేదని ఒప్పుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది.

ఈసారి ఆ తప్పు చేయదలచుకోలేదు. లెన్స్‌ను బాడీకి తగిలించి పంపవచ్చా, బ్యాటరీని ఏం చేయాలి, విలువ ఎంత రాయాలి అన్నవి నా సందేహాలు. వీటన్నింటికంటే పెద్ద సందేహం మరొకటి ఉంది. మా ఇల్లు సముద్రానికి దగ్గర. ఇక్కడి తేమ గాలితో సహా ప్లాస్టిక్ సంచిలో బిగించి పంపితే ఉన్న ఫంగస్‌ను మరింత పెంచి పంపినట్టు అవుతుందా?

జవాబు 1 (మర్రిపాలెం నుంచి)

నేను చాలా ఏళ్లు పెళ్లి ఫోటోలు తీసి, ఇప్పుడు పని తగ్గించుకున్నవాణ్ని. నా సామాను ఎన్నిసార్లు పార్సిళ్లలో వెళ్లి వచ్చిందో లెక్క లేదు.

ముందుగా మీ మొదటి సందేహం. లెన్స్‌ను, బాడీని తప్పకుండా విడదీయాలి. అంత బరువైన లెన్స్ తగిలించి ఉండగా పెట్టె కింద పడితే, ఆ కుదుపు బలమంతా మౌంట్ అనే చిన్న లోహపు వలయం మీదకే చేరుతుంది. మీ పాత లెన్స్ మౌంట్ అలాగే వంగి ఉంటుంది. విడదీసే ముందు కెమెరాను స్విచ్ ఆపి, రెండు క్షణాలు ఆగండి. స్టెబిలైజర్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉన్న లెన్స్‌లలో కదిలే అద్దాల గుంపు అప్పుడే తన స్థానంలోకి వచ్చి నిలుస్తుంది. ఫిల్టర్‌ను విప్పి ఇంట్లోనే ఉంచి, ముందు, వెనుక, బాడీకి క్యాపులు బిగించండి. మెమరీ కార్డు, మెడపట్టీ, ట్రైపాడ్ కాలర్ (లెన్స్‌ను స్టాండుకు బిగించే పట్టీ) పంపవలసిన పని లేదు.

ఇక ప్యాకింగ్. మన ఊళ్లో గాజుల మలారం మోసుకొచ్చే అమ్మను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆ గాజులు పగలకపోవడానికి కారణం మెత్తదనం కాదు, ఒకదానికొకటి తగలడానికి సందు లేకుండా తాడుతో బిగించి కట్టడం. కెమెరా విషయంలో దానికి మరొకటి జోడించాలి: వస్తువు కదలకూడదు, పెట్టె గోడ మీద పడిన దెబ్బ వస్తువు దాకా చేరనూ కూడదు. దినపత్రిక ఈ రెండో పని చేయలేదు. ఒకసారి నలిగితే మళ్లీ లేవదు, కాబట్టి మొదటి దెబ్బను ఆపినా రెండో దెబ్బకు అక్కడ ఖాళీ మాత్రమే మిగులుతుంది. థర్మోకోల్ పూసలు వద్దు. అవి స్థిర విద్యుత్తుతో మౌంట్ సందుల్లోకి అతుక్కుంటే సర్వీస్ వారికి మరో పని పెట్టినట్టే.

లెన్స్‌ను బబుల్ షీట్‌తో, బుడగలు లోపలి వైపుకు ఉండేలా మూడు నాలుగు చుట్లు చుట్టండి. బాడీని విడిగా చుట్టండి. రెండింటి మధ్య ఫోమ్ అడ్డుగా నిలిపి ఒక చిన్న అట్టపెట్టెలో కదలకుండా అమర్చండి. ఆ పెట్టెను మరో పెద్ద ఐదు పొరల అట్టపెట్టెలో పెట్టి, ఆరు వైపులా కనీసం 5 సెంటీమీటర్ల మందం ఫోమ్ షీట్లు నింపండి. ఫోమ్ మరీ మెత్తగా ఉంటే బరువైన లెన్స్ అడుగు దాకా దిగిపోతుంది, మరీ గట్టిగా ఉంటే దెబ్బను అలాగే లోపలికి పంపుతుంది. వేలితో నొక్కితే కొద్దిగా లొంగి వెంటనే పైకి లేచేదే సరైనది. కిరాణా దుకాణంలో పడేసిన పాత పెట్టెను తీసుకోకండి. ఇక్కడి తేమకు అట్ట మెత్తబడి, మూలల బలం బాగా తగ్గిపోతుంది.

మూసిన తరువాత పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. ఏ చప్పుడు వినిపించినా విప్పి మళ్లీ మొదలుపెట్టవలసిందే. రవాణా ప్యాకింగ్‌ను పరీక్షించే ఇస్టా 1ఏ అనే అంతర్జాతీయ పద్ధతిలో 10 కిలోల లోపు పెట్టెను 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, ఒక మూల, మూడు అంచులు, ఆరు ముఖాల మీద, మొత్తం 10 సార్లు పడేస్తారు. మీ లెన్స్‌తో ఆ ప్రయోగం చేయమని నేను చెప్పను గానీ, అంతే బరువున్న బియ్యపు పొట్లంతో ఒకసారి పడేసి, విప్పి చూస్తే ఫోమ్ ఎక్కడ నలిగిందో మీకే కనిపిస్తుంది.

జవాబు 2 (ద్వారకానగర్ నుంచి)

ఒక కొరియర్ బుకింగ్ కౌంటరులో ఆరేళ్లు పనిచేశాను కాబట్టి బల్ల అవతలి వైపు సంగతులు చెబుతాను.

'ఫ్రాజైల్' (పగిలే వస్తువు) స్టిక్కరును నమ్ముకోకండి. పెట్టె ఎన్నో చేతులు మారుతుంది, రాత్రి వేళ లారీలో దాని మీద ఏం పడుతుందో ఎవరూ చూడరు. కెమెరా కంపెనీ పేరున్న అసలు పెట్టెను బయటకు కనిపించనివ్వకండి. దాన్ని లోపలి పెట్టెగా వాడుకుంటే మాత్రం అంతకు మించినది లేదు.

బ్యాటరీ విషయంలో నియమాలు కఠినంగా ఉంటాయి. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాలలో సరుకుగా పంపడాన్ని 2016 ఏప్రిల్ 1 నుంచి అంతర్జాతీయంగా నిషేధించారు. సర్వీస్ వారు ప్రత్యేకంగా అడగకపోతే బ్యాటరీని ఇంట్లోనే ఉంచడం మేలు. అడిగితే కౌంటరులో దాచకుండా చెప్పి, రోడ్డు మార్గంలోనే పంపమని కోరండి.

విలువ విషయంలో చాలామంది భయపడి తక్కువ రాస్తారు, అదే వారిని ముంచుతుంది. రోడ్డు రవాణాకు సంబంధించిన 2011 నాటి నిబంధనల ప్రకారం, ముందుగా ఎక్కువ విలువ ప్రకటించి దానికి తగిన రుసుము కట్టకపోతే, రవాణాదారు బాధ్యత మీరు చెల్లించిన ఛార్జీకి పది రెట్లకే పరిమితమవుతుంది. అంటే 400 రూపాయలు కట్టిన పార్సిల్‌కు 4,000 రూపాయలు. కాబట్టి నిజమైన విలువ రాసి, బీమా తీసుకోండి. 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు (జీఎస్‌టీ కింద సరుకు రవాణాకు తీసుకునే ఆన్‌లైన్ పత్రం) అడుగుతారు. అయితే సొంతంగా వాడుకున్న వ్యక్తిగత వస్తువులకు అందులో మినహాయింపు ఉంది. అమ్మకానికి కాదని, మరమ్మతుకు పంపుతున్నామని సంతకం చేసిన లేఖ, కొన్న బిల్లు నకలు జత చేయండి.

మరొక మాట. పెట్టె పెద్దదైతే తూకం కాక కొలతను బట్టి డబ్బు తీసుకుంటారు. 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టె కొలతలను గుణించి సాధారణ పద్ధతిలో 5000తో భాగిస్తే 7.2 కిలోలవుతుంది, లోపల ఉన్నది 4 కిలోలే అయినా సరే. ఆ తేడా చూసి ఫోమ్ తగ్గించకండి.

జవాబు 3 (గాజువాక నుంచి)

ఇంత శ్రమ ఎందుకండీ? చెన్నైకి ఇక్కడి నుంచి రైలు దారి సుమారు 780 కిలోమీటర్లు. సామాను భుజాన తగిలించుకుని కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి స్వయంగా ఇచ్చి రావచ్చు, బ్యాటరీ గొడవా ఉండదు. నేను అలాగే చేశాను. అయితే బ్యాగును బెర్తు కింద పెట్టకుండా తల పక్కన పెట్టుకోండి.

జవాబు 1 ఇచ్చినవారు, మళ్లీ

గాజువాక వారి సలహా మంచిదే, కానీ మరమ్మతు పూర్తయ్యాక తెచ్చుకోవడానికి రెండోసారి కూడా వెళ్లాలి కదా. ఉద్యోగానికి సెలవు దొరకని వారికి పార్సిలే గతి.

తేమ గురించి అడిగిన ప్రశ్నకు జవాబివ్వడం మరిచాను. విశాఖ వారికి అదే అసలు ప్రశ్న. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి సుమారు 26 డిగ్రీలకు చల్లబడగానే అందులోని ఆవిరి నీటి బిందువులుగా మారడం మొదలుపెడుతుంది. ఆ గాలిని సంచిలో బిగించి పంపితే, అవతల ఏసీ గదిలో అద్దం మీద నీరు పట్టవచ్చు. అయితే భయపడవలసినంత నీరు కాదది. ఒక ఘనపు మీటరు గాలిలోనే అప్పుడు ఉండే నీటి ఆవిరి దాదాపు 24 గ్రాములు, అంటే పది లీటర్ల సంచిలో పావు గ్రాముకు కొంచెం తక్కువ. పది గ్రాముల సిలికా జెల్ (తేమను పీల్చే గింజలు) దాన్ని తేలిగ్గా పీల్చుకుంటుంది. అసలు శత్రువు అట్ట. అది ఎంత తేమనైనా దాచుకుని మెల్లగా వదులుతూ ఉంటుంది. అందుకే సిలికా జెల్‌ను అట్టపెట్టెలో పడేస్తే ప్రయోజనం లేదు, లెన్స్ ఉన్న జిప్ సంచిలోపలే పెట్టాలి. నీలం రంగు గింజలు గులాబీ రంగుకు మారితే అవి నిండిపోయాయని అర్థం. వాటిని ఓవెన్‌లో సుమారు 120 డిగ్రీల వద్ద గంటో రెండు గంటలో వేడిచేస్తే మళ్లీ పనికి వస్తాయి. వీలైతే ఏసీ వేసిన గదిలో ఒక రాత్రి ఉంచి, అక్కడే సంచిని మూయండి. తిరిగి వచ్చిన పార్సిల్‌ను కూడా గది వేడికి అలవాటు పడేవరకు కొన్ని గంటలు విప్పకుండా ఉంచండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పూర్ణా మార్కెట్ పక్కన ఫోమ్ షీట్లు, ఐదు పొరల పెట్టె దొరికాయి. మొదటిసారి మూసి ఊపితే లోపల చిన్నగా టక్ మంది. విప్పి చూస్తే బాడీకి క్యాపు సరిగా బిగియలేదు. దాన్ని సరిచేసి, సీరియల్ నంబరుతో సహా ప్రతి దశనూ ఫోటో తీసి, ద్వారకానగర్ వారు చెప్పినట్టు లేఖ జతచేసి, పూర్తి విలువ రాసి నిన్న బుక్ చేశాను. తూకం 3.8 కిలోలు, ఛార్జీ మాత్రం 7 కిలోలకు పైగా వేశారు. బియ్యపు పొట్లం ప్రయోగం కూడా చేశాను. ఫోమ్ ఒక మూల దగ్గర మాత్రం పలచగా ఉందని తెలిసి అక్కడ మరో ముక్క వేశాను. అవతల చేరిన వెంటనే ఇక్కడ రాస్తాను.