నల్గొండ లాడ్జిలో రాత్రి ఏడు దాటాక మీరేం చేస్తారు?

నీళ్లసీసా:
నెలకు నాలుగైదు రోజులు పని మీద నల్గొండలో ఉంటాను. బోర్ల నుంచి నీటి నమూనాలు తీసి ల్యాబ్‌కు పంపడం నా ఉద్యోగం. పొద్దున మర్రిగూడ, నాంపల్లి వైపు వెళ్తే తిరిగి గది చేరేసరికి రాత్రి ఏడవుతుంది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏళ్ల తరబడి అంతకు మించి తాగినవాళ్ల నడుములు, కాళ్లు ఎలా వంగిపోయాయో అక్కడ కళ్లారా చూస్తున్నాను. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, కానీ వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు కదా. నిన్న సీసా నింపుతుంటే ఒక అవ్వ "నీళ్లు మంచిగున్నయా బిడ్డా?" అని అడిగింది. రిపోర్టు వస్తే గానీ చెప్పలేను. గదికొచ్చాక కూడా ఆ మాటే చెవిలో ఉంది. ఒళ్లు అలిసిపోతుంది, నిద్ర మాత్రం రాదు. ఆకలి వేయదు. ఫోన్ చూస్తూ పన్నెండు దాటిపోతుంది. ఇలాంటి రాత్రులు మీరెలా గడుపుతున్నారు?

పాలమూరు లైన్:
అన్నా, నేను మెడికల్ రెప్‌ని. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల పదకొండేళ్లుగా తిరుగుతున్నాను. గదిలోకి వెళ్లగానే మంచం మీద కూర్చోవద్దు. నడుము వాల్చామా, ఆ రాత్రి అంతే. బ్యాగు పెట్టి, స్నానం చేసి, వెంటనే కిందికి దిగాలి. మొదట్లో రోజూ బిర్యానీ పార్శిల్ తెచ్చుకుని పది దాటాక మంచం మీదే తినేవాణ్ని. ముప్పై ఎనిమిదో ఏట షుగర్ బయటపడింది. డాక్టరు ముందు తిండి వేళ మార్చమన్నారు.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉంటే రోడ్డు పక్కన జొన్న రొట్టెలు చేసే అక్క దగ్గరికి వెళ్తాను. పిండి ముద్దను చేత్తో తట్టి పెనం మీద వేస్తుంది, పైన తడి గుడ్డ అద్దుతుంది. రెండు రొట్టెలు, పప్పు, కొంచెం కారం. పొయ్యి పక్కనే నిలబడి తింటాను. పోయిన నెల "ఈసారి ఆలస్యమైందేంది తమ్మీ?" అని అడిగింది. రోజంతా డాక్టర్ల గదుల ముందు ఎదురుచూసి వచ్చిన నాకు ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

ఆడిట్ బ్యాగు:
బయట తిరగమని మగవాళ్లు తేలిగ్గా చెప్తారు. కొత్త ఊళ్లో రాత్రి ఎనిమిదికి ఒంటరిగా నడవడం నాకు కుదరదు. బ్యాంకు ఆడిట్ కోసం నారాయణపేట, దేవరకొండ వెళ్తుంటాను. మెట్లకు దగ్గరగా ఉన్న గది అడుగుతాను. గడియ సరిగా పడుతోందా, బాత్రూం కిటికీ మూసుకుంటుందా అని చూశాకే డబ్బు కడతాను. ఒకసారి గడియ ఊడిన గదిలో తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి తెల్లవార్లూ మేలుకున్నాను. ఆడపిల్లలెవరూ మొహమాటపడి ఇలాంటి గదికి సరే అనొద్దు.

నా సాయంత్రం అమ్మతోనే గడుస్తుంది. వీడియో కాల్ చేస్తే అమ్మ ఫోన్‌ను వంటింటి గట్టు మీద ఆనించి తన పని తను చేసుకుంటుంది. పెద్దగా మాట్లాడుకోం. పోపు చిటపటలు, కుక్కర్ కూతలు, లోపలి నుంచి నాన్న చూసే వార్తలు వినిపిస్తుంటే నేను ఇక్కడ పెరుగన్నం తింటాను. అరగంట తర్వాత కళ్లు వాటంతట అవే మూతలు పడతాయి.

మిర్యాలగూడ రూట్:
వరి కోతల సీజన్‌లో మిల్లుల పని మీద వస్తే రోడ్డు వైపు గది అసలే వద్దు. తెల్లారేదాకా లారీ హారన్లే. వెనక వైపు గది అడగండి, దోమల బిళ్ల మీరే తెచ్చుకోండి.

పానగల్లువాసి:
నీళ్లసీసా గారూ, మాది నల్గొండే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మా ఊరి పేరే పెట్టారు, మీకు తెలిసే ఉంటుంది. ఈ జిల్లా బాధ మీ నిద్ర చెడగొడుతోందంటే మీరు మాకు పరాయివారు కారు. ఒక్కరోజైనా పని త్వరగా ముగించుకుని పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయానికి రండి. ఊరికి దగ్గరే. కందూరు చోళుల కాలం నాటి గుడి. గర్భగుడిలో స్తంభం నీడ పగలంతా ఒకేచోట నిలిచి ఉంటుంది. తర్వాత ఉదయసముద్రం చెరువు కట్ట మీద కాసేపు కూర్చోండి. చీకటి పడకముందే రావాలి.

నీళ్లసీసా:
అందరికీ దండాలు. ఈరోజు ఐదింటికే ముగించి పానగల్లు వెళ్లాను. నీడ చూశాను. కట్ట మీద కూర్చుంటే చెరువు నిండుగా కనిపించింది, చాలాసేపు లేవబుద్ధి కాలేదు. వస్తూ రెండు రొట్టెలు తిన్నాను, ఆకలి వేసింది. ఇంటికి కాల్ చేసి ఫోన్ గట్టు మీద పెట్టమన్నాను. మా పాప అదేదో ఆటనుకుని ముందుకొచ్చి కూర్చుంది.

అవ్వ వాళ్ల బోరు రిపోర్టు గురువారం వస్తుంది. ఎంత వచ్చినా కాగితం పంపి ఊరుకోను, నేనే వెళ్లి చెప్తాను.