జూన్‌లో లద్దాఖ్, 5 రాత్రులు: అమ్మ (62, బీపీ ఉంది), 8 ఏళ్ల బాబుతో. ఈ ప్లాన్ సరిపోతుందా?

మియాపూర్_మెట్రో:
హైదరాబాద్ నుంచి నలుగురం. మొదటి రోజు పొద్దున లేహ్‌లో దిగి, మధ్యాహ్నం శాంతి స్థూపం, హాల్ ఆఫ్ ఫేమ్. రెండో రోజు పాంగాంగ్, రాత్రి అక్కడే. మూడో రోజు ష్యోక్ నది పక్క దారిలో నుబ్రా లోయ, రెండు రాత్రులు. ఐదో రోజు లేహ్. ఆరో రోజు పొద్దున లేహ్–ఢిల్లీ, మధ్యాహ్నం ఇంకో ఎయిర్‌లైన్స్‌లో ఢిల్లీ–హైదరాబాద్. ఇంకా ఏమీ బుక్ చేయలేదు. ఎక్కడ దెబ్బ తింటాం?

కొండదారి:
బుక్ చేయకుండా అడిగారు, మంచి పని చేశారు. ఊళ్లు సరైనవే, వరసే తప్పు.

హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తున ఉంటే లేహ్ 3,500. దిగిన గంటలో ఏమీ అనిపించదు, అదే మోసం. తలనొప్పి, వికారం సాధారణంగా 6 నుంచి 12 గంటల తర్వాత, అంటే సాయంత్రమో రాత్రో మొదలవుతాయి. ‘బాగానే ఉన్నాం కదా’ అని మధ్యాహ్నం తిరిగితే రాత్రికి పడకేస్తారు. మీ ప్లాన్‌లో మర్నాడే పాంగాంగ్: సరస్సు 4,250 మీటర్లు, దారిలో చాంగ్ లా కనుమ 17 వేల అడుగుల పైనే. కొండల్లో లెక్కకొచ్చేది ఎక్కడిదాకా ఎక్కి దిగారన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది.

నుబ్రాలో హుందర్, దిస్కిత్ సుమారు 3,100 మీటర్లే, లేహ్ కన్నా కిందే. అందుకే ముందు నుబ్రా, తర్వాత పాంగాంగ్. లేహ్, నుబ్రా మధ్యలో ఖర్దుంగ్ లా కనుమ 5,359 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి మన ఊళ్లో ఉండేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. ఫొటో తీసుకుని 15 నిమిషాల్లో కిందికి దిగిపోవాలి. టీ తాగుతూ కూర్చునే చోటు కాదు.

లేహ్ 2 రాత్రులు, నుబ్రా 2, పాంగాంగ్ 1, మళ్లీ లేహ్ 1. మొత్తం ఆరు. మొదటి రోజు పూర్తిగా గదిలోనే ఉండండి. రెండో రోజు సాయంత్రం బజారు, శాంతి స్థూపం. స్థూపానికి మెట్లు వద్దు, కారు పైదాకా వెళ్తుంది. సెలవు ఐదు రాత్రులే దొరికితే పాంగాంగ్ వదిలేయండి, లేహ్‌లో రాత్రులు మాత్రం తగ్గించొద్దు.

నుబ్రా నుంచి పాంగాంగ్‌కి ష్యోక్ దారిలో పొద్దున్నే బయల్దేరాలి. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి వాగులు రోడ్డు మీదికొస్తాయి. పొద్దున టైరు తడిసేంత నీళ్లుంటే మధ్యాహ్నానికి బండి ఆగిపోయేంత ఉంటాయి.

మందులపెట్టె:
వరస బాగుంది గానీ, పాంగాంగ్‌లో రాత్రి అమ్మగారికి వద్దనే అంటాను. నుబ్రా నుంచి లేహ్‌కి తిరిగొచ్చి, తెల్లవారుజామున 5:30కి బయల్దేరి చూసి రాత్రికి వచ్చేయండి. రానూపోనూ పది గంటలు కారులోనే, నడుం నొప్పి ఖాయం. ఊపిరాడని రాత్రి కన్నా అదే నయం. ఆవిడకి ఓపిక లేకపోతే ఆ రోజు లేహ్‌లోనే ఉండనివ్వండి.

ఎత్తు ప్రదేశాల్లో వచ్చే తలనొప్పి, వికారం రాకుండా వాడే డయామాక్స్ మాత్ర గురించి. పెద్దవాళ్లకి నివారణకు సాధారణంగా 125 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, విమానం ఎక్కే ముందు రోజు నుంచి, చేరాక రెండు రోజులదాకా వాడతారు. కానీ సల్ఫా మందులు పడనివాళ్లకి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి ఇది సరిపడకపోవచ్చు. అమ్మగారి బీపీ మాత్రల్లో నీరు తీసే మందు ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి. బాబుకి డోసు బరువును బట్టి డాక్టరే రాయాలి. బీపీ మాత్రలు సొంతంగా ఆపొద్దు. నిద్రమాత్రలు, మద్యం రెండూ వద్దు.

పల్స్ ఆక్సీమీటర్ కొంటారు, కొన్నాక దాన్నే చూస్తూ భయపడతారు. లేహ్‌లో మొదటి రోజు 85–90 చూపించడం మామూలే. చేతివేళ్లు చల్లబడితే ఇంకా తక్కువ చూపిస్తుంది. అంకె కన్నా మనిషిని చూడండి. పిల్లలు తలనొప్పి అని చెప్పరు, అన్నం వద్దంటారు, ఊరికే విసుక్కుంటారు. పెద్దవాళ్లని మడమకి బొటనవేలు తాకించి గీత మీద పది అడుగులు నడవమనండి. తూలినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే కిందికి దించాలి. లేహ్‌లో ఉంటే నేరుగా ఎస్‌ఎన్‌ఎం ఆస్పత్రికి.

మియాపూర్_మెట్రో:
థాంక్సండీ. ఆక్సిజన్ డబ్బాలు ఇక్కడి నుంచే తీసుకెళ్లొచ్చా?

మందులపెట్టె:
విమానంలో తీసుకెళ్లనివ్వరు. లేహ్‌లో దొరుకుతాయి, కాకపోతే ఒక డబ్బా వచ్చేది కొద్ది నిమిషాలే. కిందికి దించేలోపు కాస్త ఊతం, అంతే. కారులో సిలిండర్ ఉందా అని డ్రైవర్‌ని అడగడం మేలు.

ఒకే_పీఎన్ఆర్:
వెళ్లేటప్పటి సంగతి అందరూ చూస్తారు, వచ్చేటప్పటిది ఎవరూ చూడరు. లేహ్ నుంచి విమానాలు ఎక్కువగా పొద్దున పూటే, మధ్యాహ్నానికి గాలులు పెరుగుతాయి. మబ్బు కమ్మినా రద్దే, ఎండ మండినా రద్దే. 2024 జులై చివర్లో వేడికి గాలి పలచబడి అక్కడ చాలా విమానాలు ఎగరలేదు. రెండు ఎయిర్‌లైన్స్‌లో విడివిడిగా టికెట్లుంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఆ రెండోవాళ్లకి బాధ్యత ఉండదు. హైదరాబాద్ దాకా ఒకే పీఎన్ఆర్ తీసుకోండి, లేదా ఢిల్లీలో ఆ రాత్రి ఉండి మర్నాడు ఎక్కండి. సోమవారం ఆఫీసుంటే ఆదివారం లేహ్‌లో ఎక్కే ప్లాన్ పెట్టుకోవద్దు.

మన ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కావాలి. ఇద్దరైనా వేర్వేరు కంపెనీలవి ఉంచుకోండి. మార్పించుకోవడానికి రోజులు పడుతుంది, బయల్దేరే ముందు రోజు పరుగెత్తొద్దు. లేహ్ దాటాక యూపీఐని నమ్ముకోకుండా నగదు లేహ్‌లోనే తీసుకోండి. పర్యావరణ రుసుము ఆన్‌లైన్‌లో కట్టి, ఆ కాగితం ఐదారు ప్రింట్లు వెంట ఉంచుకోండి. చెక్‌పోస్టులో ఫోన్ చూపిద్దామంటే అక్కడ సిగ్నల్ ఉండకపోవచ్చు.

కొండదారి:
టాక్సీ సంగతి మిగిలింది. లేహ్ టాక్సీ యూనియన్‌కి రూటువారీగా రేట్ల పట్టిక ఉంది, బేరానికి ముందు అది చూడండి. బయటి నంబరు అద్దెబండితో పాంగాంగ్, నుబ్రా తిరగాలంటే యూనియన్ వాళ్లు ఆపుతారు. అడ్వాన్స్ ఇచ్చే ముందు అడగాల్సినవి: రాత్రి అక్కడ ఆగితే డ్రైవర్ ఖర్చు ఎవరిది, దారి మూసేస్తే ఎంత వెనక్కిస్తారు, ముందు సీటు అమ్మగారికి ఇస్తారా. ఆ మలుపుల్లో వెనక సీట్లో వాంతులు ఎక్కువ.