లాంగ్‌ఆర్మ్ మిషన్‌కు బొంత ఎక్కించడానికి జిప్పులా, గుండుసూదులా?

కొత్తమిషన్_అనంతపురం:
అందరికీ నమస్కారం. నాలుగు నెలల కిందట సెకండ్‌హ్యాండ్‌లో లాంగ్‌ఆర్మ్ మిషన్ తీసుకున్నాను. పన్నెండడుగుల ఫ్రేమ్. హాల్లో సోఫా తీసేస్తే గానీ పట్టలేదు. పాత చీరలతో బొంతలు కుడుతున్నాను, ఎక్కువగా పసిపిల్లలకు, పెళ్ళి సారెకు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఈ మిషన్‌లో మనం బట్టను తోయం. బట్ట ఫ్రేమ్ మీద బిగించి ఉంటుంది, మిషన్ తలకాయే పట్టాల మీద అటూ ఇటూ తిరుగుతుంది. రోలర్లకు లీడర్ అని మందపాటి గుడ్డ ఉంటుంది. అస్తరు అంచులను ఆ లీడర్లకు గుండుసూదులతో గుచ్చి చుట్టుకోవాలి. వందంగుళాల బొంతకు రెండంగుళాలకొకటి వేసినా ఒక్కో అంచుకు యాభై సూదులు. అస్తరుకే వంద. పైబట్టకు ఇంకో యాభై. నా వేళ్ళు జల్లెడయిపోయాయి.

బయటి దేశాల్లో కొందరు లీడర్‌కు సగం జిప్పు, అస్తరుకు మిగతా సగం కుట్టేసి, చలికోటు వేసుకున్నట్టు సర్రున లాగేస్తున్నారు. కావాలంటే సగంలో దింపి మళ్ళీ ఎక్కించుకోవచ్చట. మనవాళ్ళెవరైనా వాడారా? మంచిదేనా?

గుండుసూది_కడప:
జిప్పు జోలికి పోవద్దమ్మా. బెంగళూరులో ఒక ఎగుమతి యూనిట్‌లో తొమ్మిదేళ్ళు ఇలాంటి మిషన్ ముందే నిలబడ్డాను. వంద సూదులు గుచ్చడానికి నాకు పన్నెండు నిమిషాలు. జిప్పు లాగడం రెండు నిమిషాలే, ఒప్పుకుంటాను. ఆ జిప్పును అస్తరుకు కుట్టేదెవరు? బొంత అయ్యాక ఆ కుట్లు విప్పేదెవరు? రెండంచులూ కలిపి రెండు వందల అంగుళాలు కుట్టాలి, మళ్ళీ రెండు వందల అంగుళాలు విప్పాలి. ఫ్రేమ్ దగ్గర మిగిలిన పది నిమిషాలూ కుట్టుమిషన్ దగ్గర పోయాయి. ఇంకేం ఆదా?

ఇంకో మాట. సూది గుచ్చేటప్పుడు అస్తరు ఎక్కడ బిగుసుకుందో, ఎక్కడ వదులైందో వేలికి తెలుస్తుంది. ఆ సూది తీసి రవ్వంత జరిపి గుచ్చుతాం. జిప్పు ఒకసారి వంకరగా కుట్టామంటే బొంతంతా ఆ వంకరే.

ఆదోని_బ్యాగులు:
నేను ఆదోనిలో స్కూలు బ్యాగులు కుడతాను. లాంగ్‌ఆర్మ్ మిషన్ ముట్టుకోలేదు, అబద్ధం చెప్పను. జిప్పుల గురించి మాత్రం చెప్పగలను. అంగడిలో జిప్పు రోల్‌గా, మీటర్ల లెక్కన దొరుకుతుంది. రన్నర్లు విడిగా ఇస్తారు. అయిదో నంబరు నైలాన్‌ది తీసుకోండి. నంబరంటే జిప్పు మూసినప్పుడు పళ్ళ వెడల్పు, సుమారుగా అన్ని మిల్లీమీటర్లు. పదో నంబరు బ్యాగులకు బాగుంటుంది గానీ రోలర్ మీద చుడితే గట్టులా లేస్తుంది. ఇత్తడి జిప్పు అసలే వద్దు. పొరపాటున మిషన్ సూది దాని మీద దిగితే సూది విరగడంతో పోదు, హుక్ టైమింగ్, అంటే కింద హుక్ సూదిదారాన్ని అందుకునే వేళ, కూడా తప్పుతుంది. అప్పుడు మెకానిక్ కోసం మీరు ఎంత దూరం ఫోన్లు చేసుకోవాలో మీకే తెలుసు.

అక్క చెప్పిన వంకర నిజమే. కానీ అది కుట్టే తీరులో వస్తుంది. ఒక చివర మొదలుపెట్టి ఇంకో చివరకు కుట్టుకుంటూ పోతారు. మిషన్ పళ్ళు కింది బట్టను లాగినంతగా పైదాన్ని లాగవు. జిప్పు పట్టీ సాగదు, వాడి వాడి మెత్తబడిన నూలుచీర సాగుతుంది. చివరకు వచ్చేసరికి రెండంగుళాలు తేడా కొడుతుంది. అస్తరు నడిమి గుర్తు, జిప్పు నడిమి గుర్తు కలిపి పెట్టి, నడిమి నుంచి కుడికి ఒకసారి, నడిమి నుంచి ఎడమకు ఒకసారి కుట్టాలి. కుట్టు పొడవు అయిదు మిల్లీమీటర్లు పెట్టుకుంటే విప్పడం పెద్ద పని కాదు.

లెక్కలసారు_కర్నూలు:
వంద సూదులు పన్నెండు నిమిషాల్లో అంటే సూదికి ఏడు సెకన్లు. ఊరికే చెబుతున్నా.

గుండుసూది_కడప:
ఏడు సెకన్లు ఎక్కువే నాయనా. కడపకొచ్చి చూడు.

ఆదోని_బ్యాగులు:
అక్కా, తొమ్మిదేళ్ళు చేసిన చేతికి పన్నెండు నిమిషాలు. ఆమె మొదలుపెట్టి నాలుగు నెలలే. నలభై నిమిషాలు పడుతుంది. మీ చేతి లెక్క ఆమెకు ఎలా కడతారు?

గుండుసూది_కడప:
నలభై పడితే ఇరవైకి తెచ్చుకోవాలి, ఇరవై పడితే పన్నెండుకు తెచ్చుకోవాలి. పని నేర్చుకోవడం అంటే అదే. చేతకాని ప్రతిదానికీ ఒక వస్తువు కొనుక్కుంటూ పోతే ఇల్లు అంగడి అవుతుంది. సూదిని లీడర్‌కు నిటారుగా గుచ్చకూడదు, అంచు వెంబడి పడుకోబెట్టి గుచ్చాలి. అప్పుడు వేలికి తగలదు. ఈ అమ్మాయికి వేళ్ళు జల్లెడయ్యాయంటే నిటారుగా గుచ్చుతోందన్నమాట.

కొత్తమిషన్_అనంతపురం:
నిటారుగానే గుచ్చుతున్నానక్కా. ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

పట్టు_ధర్మవరం:
అమ్మ పట్టుచీరలతో ఒకటి కుట్టించాలని ఉంది. పట్టుకు సూది గుచ్చితే ఆ చిల్లు మళ్ళీ పూడదు. అందుకైనా జిప్పే మేలు కదా?

గుండుసూది_కడప:
సూదులు ఎక్కువగా పడేది అస్తరు అంచున. చుట్టూ నాలుగంగుళాలు ఎక్కువ వదిలేది అందుకే, అయ్యాక కత్తిరించి పారేస్తాం. అయినా పట్టుచీరను అస్తరుగా వేయమన్నదెవరమ్మా? పాత పట్టు మడతల దగ్గరే చీలుతుంది, రోలర్ లాగుడుకు ఏం ఆగుతుంది? పట్టును పైకి వేయించుకో, దాని వెనక పల్చటి నూలుగుడ్డ పెట్టించు. అడుగున ఎమ్మిగనూరు దుప్పటి వేస్తే చాలు.

ఆదోని_బ్యాగులు:
జిప్పు కుట్టినా సూది చిల్లులు పడతాయి, అవీ ఆ నాలుగంగుళాల్లోనే. ఇందులో నా ఓటు అక్కకే.

మిద్దెమీద_జేజి:
మా జేజి మిద్దె మీద చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా కడప బండ ముక్కలు పెట్టేది. తను నడుమ కూర్చుని కుట్టుకుంటూ అంచుకు జరిగేది. ఆ ముక్కలే ఆమె సూదులు, ఆమె జిప్పులు. మూడు బొంతలు ఇప్పటికీ ఉన్నాయి.

పెద్దకోడలు_కర్నూలు:
మీరు నిమిషాలు లెక్కపెట్టుకుంటున్నారు. నా సంగతి చెబుతాను.

పోయిన శ్రావణంలో మా అమ్మవి ఆరు చీరలు ఒక మిషన్ ఆయనకు ఇచ్చాను. ఊరూ పేరూ అనవసరం. అమ్మ పోయి ఏడాదవుతోంది. మా చెల్లెలి కాన్పుకు ఆ బొంత చేతికి రావాలి. మూడు వారాలన్నాడు. అయిదో వారం వెళ్ళాను. మిషన్ మీద ఎవరిదో పెళ్ళి ఆర్డరు, ఎర్రగా మెరుస్తోంది. మాది బల్ల కింద ప్లాస్టిక్ సంచిలో ఉంది. సంచిలోంచి తెల్ల జిప్పు ఒకటి జానెడు బయటికి వేలాడుతోంది. 'మీది సగమైందమ్మా, మళ్ళీ ఎక్కించేస్తా, జిప్పే కదా, రెండు నిమిషాల పని' అన్నాడు.

కార్తీకంలో ఇచ్చాడు. అప్పటికి బిడ్డ బారసాల కూడా అయిపోయింది. బొంత పరిచి చూస్తే పై సగంలో గళ్ళ గీతలు ఒక దారి, కింది సగంలో ఒక దారి. నడిమధ్య అమ్మ నీలం చీర మీద అరంగుళం తప్పి అతుకుతాయి. రెండు నిమిషాల పని ఇదీ. జిప్పులు వాడేవాళ్ళకు నా బట్ట ఇంక ఇవ్వను.

ఆదోని_బ్యాగులు:
బాధ కలిగింది చదివి. కానీ అక్కా, అది జిప్పు తప్పు కాదు, చేసిన మనిషి తప్పు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుంది జిప్పును అంటే.

పెద్దకోడలు_కర్నూలు:
ఆడలేక మద్దెల ఓడన్నది నేనా? నేను ఆడానా? డబ్బులిచ్చి చూస్తూ నిలబడ్డాను. సామెతలు మీ అంగడిలో పెట్టుకుని అమ్ముకోండి.

చూసిపోయేవాడు:
మొదలైంది.

గుండుసూది_కడప:
సగంలో దింపడానికి ఒక పద్ధతుంది. కుట్టింది ఎక్కడ ఆగిందో అక్కడ మూడు పొరలూ కలిపి అడ్డంగా ఒక వరస కచ్చాకుట్టు వేయాలి. రెండు పక్కలా దిగువకు కూడా కచ్చాకుట్టు వేసుకోవాలి. గళ్ళ గీత ఎక్కడుందో అస్తరు అంచు మీద గుర్తు పెట్టాలి. అప్పుడు దింపాలి. లేకపోతే కుట్టని సగంలో పైబట్ట ఒక పక్కకు, దూది ఒక పక్కకు జారుతాయి. ఆయన ఇవేమీ చేయలేదు. సూదులతో ఎక్కించి ఉంటే ఇలా జరిగేది కాదు.

ఆదోని_బ్యాగులు:
అక్కా, మీరు చెప్పిన పద్ధతిలో సూదులున్నా జిప్పున్నా ఒకటే కదా! కచ్చాకుట్టు వేయనివాడు సూదులు పీకి దింపినా అరంగుళం తప్పేది. మీకు మీరే అడ్డం చెప్పుకుంటున్నారు.

పెద్దకోడలు_కర్నూలు:
మీ ఇద్దరికీ అర్థం కావడం లేదు. సూదులుంటే దింపేవాడా అని అడుగుతున్నాను. నూట యాభై సూదులు పీకి, మళ్ళీ నూట యాభై గుచ్చాలంటే ఒళ్ళు బరువై, ముందు నాది పూర్తిచేసి తర్వాత పెళ్ళివాళ్ళది ఎక్కించేవాడు. ఆ సూదుల చాకిరే నా బొంతకు కాపలా. జిప్పు వచ్చి ఆ కాపలా తీసేసింది. ఎవరు డబ్బు ఎక్కువిస్తే వాళ్ళది పైకి, మనది బల్ల కిందికి. దీన్ని మీరు సౌకర్యం అంటున్నారు.

ఆదోని_బ్యాగులు:
ఇప్పుడు అసలు మాటకొచ్చారు. సరే, నా వైపు కూడా వినండి. మిషన్ కొన్నవాడికి కిస్తీ ఉంటుంది, కరెంటు బిల్లు ఉంటుంది. ఒకే ఫ్రేమ్. దాని మీద ఒక బొంత పది రోజులు కూర్చుంటే పది రోజులూ వేరే పని లేదు. జూన్ వస్తే నా దగ్గరా అంతే, పెద్ద బ్యాగు ఆపి చిన్నవి నాలుగు కుట్టి పంపిస్తాను. ముహూర్తం మనకోసం ఆగదు కదా. వరస తప్పితే ఒక మాట చెప్పాలి, అది చెప్పకపోవడం తప్పు. దింపడమే తప్పంటే ఏ పనివాడూ బతకలేడు.

పెద్దకోడలు_కర్నూలు:
కాన్పు ఆగుతుందా?

లెక్కలసారు_కర్నూలు:
దీనికి నా దగ్గర లెక్క లేదు.

కొత్తమిషన్_అనంతపురం:
నేను ఒక సంగతి దాచాను. వేళ్ళ నొప్పి నిజమే, కానీ జిప్పు గురించి అడగడానికి అదొక్కటే కారణం కాదు. ఇప్పుడు ఫ్రేమ్ మీద ఒక పెద్దావిడ బొంత ఉంది. రిటైరైన టీచరు, మనవరాలికోసం కుట్టించుకుంటోంది. మూడో వంతే అయింది, సన్న డిజైను, ఇంకో పది రోజులు పడుతుంది. ఈలోగా మాఘమాసం పెళ్ళికి నాలుగు బొంతలు కావాలని ఒకరు వచ్చారు. అడ్వాన్స్ చేతిలో పెట్టారు. సూదులు పీకి దింపడానికి మనసొప్పలేదు. జిప్పులైతే దింపేదాన్నేమో. పెద్దకోడలక్క రాసింది చదివాక ఏం చేయాలో తోచడం లేదు. కిస్తీ మాత్రం అయిదో తేదీన కట్టాలి.

గుండుసూది_కడప:
చూశారా, నేను మొదటినుంచీ అదే చెబుతున్నాను.

పెద్దకోడలు_కర్నూలు:
మీరు మొదటినుంచీ చెప్పింది పన్నెండు నిమిషాల గురించక్కా.

గుండుసూది_కడప:
పన్నెండు నిమిషాలు నిజమే.

పెద్దకోడలు_కర్నూలు:
కొత్తమిషన్ గారూ, ఆ టీచరమ్మకే ఫోన్ చేసి అడగండి. దింపమంటే దింపండి. ఆమె బట్ట, ఆమె ఇష్టం.

కొత్తమిషన్_అనంతపురం:
చేశాను. నేను నోరు తెరవకముందే 'నడుమ ఆకుపచ్చ చీర మా అమ్మది, అక్కడికొచ్చిందా?' అని అడిగింది. వస్తోందమ్మా అన్నాను. అంతే, ఇంకేం అడగలేకపోయాను.

పెళ్ళివాళ్ళకు రెండే ఇవ్వగలనని చెప్పాను. కోపం తెచ్చుకున్నారు, సగం అడ్వాన్స్ వెనక్కి తీసుకున్నారు.

ఆదోని_బ్యాగులు:
రెండు ఆర్డర్లు పోయినట్టే. జిప్పులుంటే, పైన అక్క చెప్పినట్టు కచ్చాకుట్టు వేసుకుని ఉంటే, అందరి పనీ అయ్యేది. మంచితనం అంటారు గానీ నాకు ఇది నష్టంలాగే కనిపిస్తోంది.

పెద్దకోడలు_కర్నూలు:
మీకు అలాగే కనిపిస్తుంది లెండి.

పట్టు_ధర్మవరం:
జిప్పు రోల్ ఎవరైనా తెప్పిస్తే నాకూ పది మీటర్లు చెప్పండి. బొంతకు కాదు, దిండు గలీబులకు.

కొత్తమిషన్_అనంతపురం:
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. టీచరమ్మ బొంత నిన్న దించి ఇచ్చేశాను. జిప్పు రోల్ కూడా తెప్పించాను, అయిదో నంబరే. ఇంకా లీడర్‌కు కుట్టలేదు, కుడతానో లేదో. ఈరోజు పెళ్ళివాళ్ళ మొదటి బొంత ఎక్కించేటప్పుడు ఫోన్లో టైమర్ పెట్టుకుని, సూదులు పడుకోబెట్టి గుచ్చాను. వంద సూదులకు ముప్పై ఒక్క నిమిషాలు.

గుండుసూది_కడప:
ఏ సూదులు వాడుతున్నావు? పొడుగువా, పొట్టివా?