ఒరాంగుటాన్ గూళ్ల సర్వేకి మొదటి గ్రాంట్: డ్రోన్ అడగనా, జీతాలు అడగనా?

కొమ్మచివర:
ఒరాంగుటాన్ల (తోకలేని పెద్ద వానరాల) మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. బోర్నియోలో ఇండోనేసియా వైపున్న కలిమంతాన్‌లో, ఒకప్పుడు కలప కొట్టి వదిలేసిన అడవిలో ఇప్పుడు ఎన్ని మిగిలాయో వాటి గూళ్లను బట్టి తేల్చాలి. ఫెలోషిప్‌తో నా ఖర్చులు గడుస్తాయి కానీ ఫీల్డ్‌వర్క్‌కి పైసా లేదు. రఫర్డ్ ఫౌండేషన్, లీకీ ఫౌండేషన్ చూశాను. ముందు దేనికి అప్లై చేయాలి? బడ్జెట్‌లో సగం డ్రోన్‌కి, మిగతాది అసిస్టెంట్ల జీతాలకి, ప్రయాణాలకి రాసుకున్నాను. డ్రోన్ ఉంటేనే ప్రపోజల్ కొత్తగా కనిపిస్తుందని మా గైడ్ అంటున్నారు. జీతాల పద్దు పెద్దదైతే కమిటీ కోత పెడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

దస్త్రం:
లీకీ ఫౌండేషన్ 1968లో మొదలైంది మానవ పరిణామ పరిశోధన కోసం. గ్రేట్ ఏప్స్ (ఒరాంగుటాన్, చింపాంజీ లాంటి వానరాలు) తిండి, ప్రవర్తన మన పూర్వీకుల గురించి ఏం చెబుతాయన్న కోణం ఉంటే అక్కడ వేయండి. ‘ఎన్ని మిగిలాయి’ అన్న ప్రశ్న ఒక్కటే అయితే అతకదు. మీకు రఫర్డే నయం. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన వాళ్లకి చిన్న మొత్తంతో మొదలుపెట్టి, ఆ పని ముగించి రిపోర్ట్ ఇచ్చాక తర్వాతి దశకి అవకాశం ఇస్తారు. అయితే కేవలం థీసిస్ కోసం చేసే పని అనిపిస్తే పక్కన పెడతారు. మొహమ్మద్ బిన్ జాయెద్ ఫండ్ కూడా చూడండి, ఒక జాతి రక్షణకి 25,000 డాలర్ల దాకా ఇస్తుంది.

గూటిలెక్క:
నేను ఏళ్ల తరబడి గూళ్లు లెక్కపెట్టాను, ఇప్పుడు ప్రపోజల్స్ చదువుతున్నాను. నా మాట వింటే డ్రోన్ తీసేయండి.

ఒరాంగుటాన్ దాదాపు రోజూ సాయంత్రం కొత్త గూడు కట్టుకుంటుంది. తల్లిని అంటిపెట్టుకుని పడుకునే పిల్లలు కట్టవు, దాన్నీ లెక్కలో సరిచేస్తాం. మనం అడవిలో తిన్నగా గీసుకున్న లైన్ వెంట నడిచి గూళ్లు లెక్కపెట్టి, ఒక గూడు ఎన్ని రోజులు కనిపిస్తుందో దాంతో భాగిస్తాం. గూడు 200 రోజులు నిలుస్తుందని వేస్తే వచ్చే సంఖ్య, 400 రోజులని వేస్తే సగానికి పడిపోతుంది. అవే గూళ్లు, అదే అడవి! వాన, ఎత్తు, చెట్టు జాతిని బట్టి ఆ రోజులు మారతాయి. అందుకే వేరే చోటి అంకె తెచ్చి వాడిన ప్రపోజల్ చూస్తే నాకు మనసు ఒప్పదు. ఆ సంఖ్యను నమ్మి ఒక అడవిని కాపాడాలా వద్దా అని నిర్ణయిస్తారు మరి.

కాబట్టి పచ్చి ఆకులున్న కొత్త గూళ్లకి గుర్తులు పెట్టి, అవి పూర్తిగా చెదిరేదాకా మళ్లీ మళ్లీ వెళ్లి చూడండి. ఆకులు గోధుమరంగుకి తిరగడం, అడుగున చిల్లులు పడి ఆకాశం కనబడటం, చివరికి పుల్లలు మాత్రమే మిగలడం, ఈ దశలన్నీ రాసుకోవాలి. కింద నిలబడి ఆ తేడా పట్టేది ఆ అడవిలో పుట్టి పెరిగినవాళ్లే. మీరు థీసిస్ రాసుకోవడానికి వెళ్లిపోయాక కూడా ఆ చెట్ల దగ్గరికి వెళ్లేది వాళ్లే. వాళ్ల జీతం, ఇన్సూరెన్స్, బూట్లు బడ్జెట్‌లో మొదటి వరసలో ఉండాలి. ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పండి, కోత పెట్టేవాళ్లు కూడా ఆలోచిస్తారు. డ్రోన్‌కి పైకొమ్మల్లోవి కనబడతాయి, ఆకుల కింద దాగినవి తప్పిపోతాయి.

కొమ్మచివర:
చాలా థాంక్స్ అండీ. గైడ్‌కి ఈ 200, 400 లెక్కే చూపిస్తాను. దూరం నుంచి గూళ్లే చూస్తాం కదా, మాస్కులు కూడా బడ్జెట్‌లో పెట్టాలా?

గూటిలెక్క:
పెట్టండి. ఐవరీ కోస్ట్‌లోని తాయ్ అడవిలో చింపాంజీలు మనుషుల శ్వాసకోశ వైరస్‌లతో చనిపోయాయని 2008లో పరిశోధకులు తేల్చారు. గూటి కింద ఉండగా జంతువే ఎదురుపడొచ్చు. జలుబు చేసిన వ్యక్తికి సెలవు ఇచ్చినా ఆ రోజు జీతం ఆగదని కూడా రాయండి. కూలీ పోతుందంటే ఎవరైనా జ్వరంతోనే వస్తారు.

దస్త్రం:
ఒక్క మాట. ఇండోనేసియాలో విదేశీ పరిశోధకులకి బ్రిన్ (అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ) అనుమతి కావాలి, స్థానిక సంస్థ భాగస్వామిగా ఉండాలి. డబ్బు వచ్చాక చూద్దాం అనుకోకుండా ఆ సంస్థతో ఇప్పుడే మాట్లాడి, వాళ్ల లేఖ ప్రపోజల్‌కి జత చేయండి. గూటిలో వెంట్రుకలు సేకరించి బయటి ల్యాబ్‌కి పంపే ఆలోచన ఉంటే సైటిస్ (అంతరించే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) పర్మిట్ కూడా కావాలి. దానికి టైమ్ పడుతుంది, మొదటి గ్రాంట్‌లో ఆ భాగం వదిలేయడమే మేలు.