వ్యాలీ ఫోర్జ్ గోపురం మూసుకోవడం లేదు, ఎవరైనా చెప్పండి

రాత్రి_పనివాడు (గుంటూరు, బ్రాడీపేట)
సాయంత్రం నుంచీ ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది. వ్యాలీ ఫోర్జ్ నమూనా స్క్రాచ్ నుంచి, అంటే రెడీమేడ్ కిట్ లేకుండా, కడుతున్నాను. మెయిన్ బాడీ అయిపోయింది, గోపురాల దగ్గర బండి ఆగింది. పారదర్శక గోళం మీద అంటించే స్ట్రిప్స్ అన్నీ కొలిచి కోశాను, ఒక్కటీ తేడా లేదు. పైన బాగానే కూర్చుంటోంది, కిందికొచ్చేసరికి ఖాళీ వస్తోంది. పీకి మళ్లీ అంటిస్తే గోళమంతా పొగ పట్టినట్టు తెల్లబడుతోంది. గట్టిగా పట్టే జిగురు ఏదైనా ఉంటే చెప్పండి. త్రీడీ ప్రింట్ చేయించుకో అని మాత్రం ఎవరూ అనొద్దు.

సూటిగా
త్రీడీ ప్రింట్ చేయించుకోండి.

కృష్ణా తీరం
వ్యాలీ ఫోర్జ్ అంటే సీవీ-45 కదండీ? ఎసెక్స్ తరగతి విమాన వాహక నౌక. 1946లో అమెరికా నౌకాదళంలో చేరింది, కొరియా యుద్ధం చేసింది. దాని డెక్ మీద గోపురాలెక్కడివి? రాడార్ డోమ్ అంటున్నారా? ఫొటో పెట్టండి. ఎసెక్స్ తరగతికి 1/700 స్కేలులో కిట్లే దొరుకుతాయి, స్క్రాచ్ నుంచి కట్టాల్సిన ఖర్మేమీ లేదు.

రాత్రి_పనివాడు
నీళ్లలో నడిచే నౌక కాదండీ బాబూ! అంతరిక్ష నౌక. సైలెంట్ రన్నింగ్, 1972. భూమ్మీద అడవులు లేకుండా పోతే మిగిలిన చెట్లను గాజు గోపురాల్లో పెట్టి అంతరిక్షంలో తిప్పుతుంటారు, ఆ నౌక. అందరికీ తెలుసనుకున్నాను.

కృష్ణా తీరం
ఎవరికి తెలుస్తుంది స్వామీ. కానీ నేను మరీ దారి తప్పలేదు, చూడండి. ఆ సినిమా లోపలి దృశ్యాలు తీసింది ఈ నౌకలోనే. 1970లో సర్వీసు నుంచి తీసేశారు, 1971లో తుక్కు కింద అమ్మేశారు. మధ్యలో ఖాళీగా పడున్నప్పుడు షూటింగ్ చేసుకున్నారు. సినిమాలో నౌకకు ఆ పేరు పెట్టింది అందుకే.

ఆటోనగర్ లేత్ (విజయవాడ)
జిగురు సంగతి నేను చెబుతా. ఆ తెల్ల పొగ సూపర్ గ్లూ ఆవిరి. జిగురు ఆరేటప్పుడు ఆవిరి లేస్తుంది, గాల్లో తేమతో కలిసి పక్కనున్న ప్లాస్టిక్ మీద తెల్లపొడిలా దిగుతుంది. మన దగ్గర గాలిలో తేమ గురించి చెప్పక్కర్లేదు. ముక్కలు ఎగిరిపోతాయని ఫ్యాన్ ఆపి, తలుపేసుకుని కూర్చుని ఉంటారు, అవునా? ఆవిరి పోయే దారి లేక అక్కడే దిగింది. పారదర్శకంగా ఉండాల్సిన దేని మీదా సూపర్ గ్లూ వాడకండి. తెల్ల ఫెవికాల్ చాలు. ఆరడానికి టైమ్ పడుతుంది గానీ ఆరాక కనపడదు, తప్పు పడితే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. తెల్లబడిన గోళాల్ని పారేయొద్దు. కార్ల పెయింటర్లు వాడే రబ్బింగ్ కాంపౌండ్ మెత్తటి గుడ్డకు రాసి రుద్దితే చాలామటుకు పోతుంది.

ఇంతకీ గోళం దేనిది? స్ట్రిప్స్ దేనివి? సైజెంత?

రాత్రి_పనివాడు
థాంక్సన్నా. కానీ అసలు బాధ ఖాళీ. పొగ తర్వాత చూసుకోవచ్చు. ఫెవికాల్ ఆ ఖాళీని పట్టి ఉంచుతుందా?

సూటిగా
ఖాళీని ఏ జిగురూ అంటించదు. అడిగినవి చెప్పండి.

బొమ్మల బాబాయి
తమ్ముడూ, ప్లాస్టిక్ గొడవంతా ఎందుకు? మన పక్కనే కొండపల్లి ఉంది. తెల్ల పొనికి కర్ర తెచ్చుకో. బరువుండదు, కత్తికి వెన్నలా తెగుతుంది. నౌక బాడీ మొత్తం ముక్కలుగా చెక్కి అతికించు. అతుకులకు మక్కు పెట్టు. అంటే చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. ఆరాక రాయిలా బిగుస్తుంది. పైన సున్నం పూత, దాని మీద రంగు. దశావతారాల సెట్టు, ఏనుగు అంబారీ అన్నీ అలా చేసినవే. మీ వేల రూపాయల పుట్టీలు దీని ముందు ఎందుకూ పనికిరావు. నేను ఊరికే చెప్పట్లేదు, అక్కడ పనివాళ్ల దగ్గర కూర్చుని చూశాను.

రాత్రి_పనివాడు
బాబాయ్, బాడీ అయిపోయిందని మొదట్లోనే రాశాను. కరెంటు వైరింగుకి వాడే పీవీసీ పైపుతో చేశాను. గోపురం గాజులా ఉండాలి. పొనికితో అద్దం చెక్కలేం కదా.

బొమ్మల బాబాయి
పుల్లల కోసం చెప్పానయ్యా.

పటమట మాస్టారు
చర్చ చూసి రాయకుండా ఉండలేకపోతున్నాను. మీరు కట్టేలాంటి, త్రిభుజాలు కలిపి కట్టే గోపురాన్ని జియోడెసిక్ డోమ్ అంటారు. అందరూ అమెరికా డిజైనర్ బక్మిన్‌స్టర్ ఫుల్లర్ కనిపెట్టాడనుకుంటారు. ఆయన అమెరికాలో పేటెంట్ తీసుకున్నది 1954లో. అంతకు మూడు దశాబ్దాల ముందే, 1920లలో, జర్మనీలో జైస్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ బావర్స్‌ఫెల్డ్ జెనాలో ప్లానెటేరియం కోసం ఇనుప కడ్డీలతో ఇలాంటి గోపురం కట్టాడు. పేరు ఫుల్లర్‌కి దక్కింది. చరిత్ర అంటేనే అంత. 1960లో సెయింట్ లూయిస్ బొటానికల్ గార్డెన్‌లో క్లైమట్రాన్ అనే పారదర్శక గోపుర వనం కట్టారు, ఈ సినిమాలో గోపురాలకు స్ఫూర్తి అదేనంటారు. 1967లో మాంట్రియల్ ప్రదర్శనలో అమెరికా మండపం 76 మీటర్ల వ్యాసం. దాని అక్రిలిక్ పొర 1976లో వెల్డింగ్ పనులు జరుగుతుంటే అంటుకుని కాసేపట్లో తగలబడిపోయింది, కడ్డీలు మాత్రం నిలిచాయి. ఇక 60 కార్బన్ అణువులు బంతిలా అమరిన అణువుకు ఫుల్లర్ పేరే పెట్టారు. దాన్ని కనిపెట్టినవాళ్లకు 1996లో నోబెల్ వచ్చింది. ప్రకృతిలోనే ఈ రూపం...

సూటిగా
మాస్టారూ, గోపురం ఎందుకు మూసుకోవట్లేదు?

పటమట మాస్టారు
అక్కడికే వస్తున్నాను. పునాది లేకుండా చెబితే నిలవదు.

కిట్ల_కోటి
ఒక మాట. పైపు రెడీమేడ్, గోళం రెడీమేడ్. దీన్ని స్క్రాచ్ బిల్డ్ అనకూడదు. స్క్రాచ్ అంటే రేకు నుంచి, షీటు నుంచి మొత్తం మనమే చేయాలి. బాడీ మీద గిజ్మోలు దేనితో చేశారు?

రాత్రి_పనివాడు
పాడైన రిమోట్ల లోపలి భాగాలు, షేవింగ్ రేజర్ తలలు, రెండు ట్యాంకు కిట్ల మిగులు ముక్కలు. ఎందుకు?

కిట్ల_కోటి
చూశారా. కిట్ల ముక్కలు వాడితే కిట్‌బ్యాష్. గ్రూపులో పేర్లు సరిగ్గా వాడాలి. లేకపోతే కొత్తవాళ్లు తికమక పడతారు.

ఆటోనగర్ లేత్
అసలు సినిమాకు కట్టిన నమూనానే దాదాపు 25 అడుగులు. పైన వివరాలన్నీ జర్మన్ ట్యాంకు కిట్లు వందల కొద్దీ విప్పి అతికించినవి. మరి వాళ్లది స్క్రాచ్ బిల్డా, కిట్‌బ్యాషా?

కిట్ల_కోటి
వాళ్లు సినిమావాళ్లు. వాళ్లకు వేరు.

సూటిగా
పైపు కూడా ఇంట్లోనే కాచి పోసుకుంటే స్క్రాచ్ అవుతుందేమో.

కిట్ల_కోటి
వెటకారం అక్కర్లేదు. పద్ధతి చెప్పాను, వినకపోతే మీ ఇష్టం.

లక్ష్మీపురం శ్రీ (గుంటూరు)
రాత్రి_పనివాడు గారూ, ఒక్క ప్రశ్న. "ఒక్కటీ తేడా లేదు" అన్నారు కదా, అంటే స్ట్రిప్స్ అన్నీ ఒకే పొడుగుకి కోశారా? గోళం వ్యాసం ఎంత? గోపురానికి ఎన్ని ముక్కలు అనుకుంటున్నారు?

రాత్రి_పనివాడు
అన్నీ ఒకటే అండి, 24 మి.మీ. బ్లేడుకి స్టాపర్ పెట్టి కోశాను, పావు మిల్లీమీటర్ కూడా తేడా రాదు. గోళం క్రాఫ్ట్ షాపులో దొరికే పారదర్శక బంతి, రెండు సగాలుగా విడిపోతుంది, వ్యాసం 80. గోపురానికి ఒక సగం. నెట్‌లో ఒక బొమ్మ చూసి లెక్కపెట్టా, 65 వస్తాయి. స్ట్రిప్స్ పాత ఏటీఎం కార్డుల నుంచి కోసినవి. ఇవన్నీ ముఖ్యమా?

లక్ష్మీపురం శ్రీ
ఇదే ముఖ్యం. జిగురుకి దీనికి సంబంధం లేదు.

65 పుల్లల (మీ స్ట్రిప్సే) గోపురంలో రెండు పొడుగులు ఉండాలండి. ఒకే పొడుగు పెడితే త్రిభుజాలన్నీ ఒకేలా ఉంటాయి. ఒక బిందువు చుట్టూ అలాంటివి ఆరు చేర్చారంటే బల్లపరుపుగా పడుకుంటాయి, గోళం మీద కూర్చోవు. అందుకే అయిదు పుల్లలు కలిసే బిందువులు కొన్ని, ఆరు కలిసేవి కొన్ని ఉంటాయి, పొడుగులూ మారతాయి.

వ్యాసార్ధాన్ని 0.5465తో హెచ్చిస్తే పొట్టిది, 0.618తో హెచ్చిస్తే పొడుగుది. మీ వ్యాసార్ధం 40, కాబట్టి పొట్టిది 21.9, పొడుగుది 24.7 మి.మీ. తేడా మూడు మిల్లీమీటర్ల లోపే. కంటికి ఆనదు, అందుకే బొమ్మలో అన్నీ ఒకటేలా కనిపిస్తాయి.

మీకు జరిగింది ఇది. శిఖరం నుంచి అయిదు పుల్లలు 24 పెట్టారు, అక్కడ ఉండాల్సింది 21.9. అవి కాస్త ఎక్కువ కిందికి దిగాయి. దాంతో వాటి చివర్ల మధ్య ఒక్కో సందు 27 దాకా వెడల్పయింది. అందులో మీ 24 ముక్క పెడితే మూడు మి.మీ. చాలదు. ఆ వలయంలో ప్రతి సందులోనూ ఇంతే వస్తోందా?

రాత్రి_పనివాడు
అవును!! సరిగ్గా అక్కడే. అయిదింట్లోనూ. నేను లాగి అంటించబట్టి ఖాళీ అంతా ఒక పక్కకు చేరింది.

ఏది పొట్టి, ఏది పొడుగు ఎలా గుర్తుపట్టాలి? బొమ్మలో రంగులు లేవు.

లక్ష్మీపురం శ్రీ
అయిదు పుల్లలు కలిసే బిందువులు సగం గోళంలో ఆరే ఉంటాయి. శిఖరం ఒకటి, కింద చుట్టూ అయిదు. వాటిని తాకే పుల్లలన్నీ పొట్టివి, మొత్తం 30. మిగతా 35 పొడుగువి. అడుగున అంచు వలయంలో పది ఉంటాయి, అవీ పొడుగువే. ఇంకేమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

పటమట మాస్టారు
అమ్మాయి బాగా చెప్పింది. కానీ ఒక లోపం ఉంది. 21.9, 24.7 అనేవి జ్యా పొడుగులు, అంటే సరళరేఖలో కొలతలు. ఈయన పుల్లల్ని గోళం మీద వంచి అతికిస్తున్నాడు. వంగినప్పుడు కావలసింది చాపం పొడుగు. పొట్టి పుల్ల కేంద్రం దగ్గర చేసే కోణం 31.7 డిగ్రీలు, పొడుగుది 36. చాపం కొలతలు 22.1, 25.1 అవుతాయి. సరళరేఖ కొలత ప్రకారం కోస్తే ఒక్కో పుల్ల దగ్గరా కాస్త తగ్గి, చివరికి మళ్లీ ఖాళీయే.

లక్ష్మీపురం శ్రీ
పుల్లలకు చివర్లు కలిసే చోట వెడల్పు కూడా ఉంటుంది కదా మాస్టారూ, ఎటూ కాస్త చెక్కాలి. 0.2, 0.4 తేడా అందులో కలిసిపోతుంది.

పటమట మాస్టారు
కలిసిపోదు. అరవై అయిదు చోట్ల తప్పు పోగవుతుంది. లెక్క అంటే లెక్కే.

ఆటోనగర్ లేత్
ఇద్దరూ చెప్పింది వాడుకోవచ్చు. ముందు పుల్లలు పక్కన పెట్టి గోళం మీద చుక్కలు పెట్టండి. బాక్సులో కంపాస్ ఉంటుందిగా. కంపాస్ కొలిచేది సరళరేఖే, కాబట్టి దానికి అమ్మాయి కొలతలు. 21.9 తెరిచి శిఖరం నుంచి వృత్తం గీయండి, దాని మీద 24.7తో నడవండి. అయిదో అడుగుకి మొదటి చుక్క మీదికే రావాలి. రాకపోతే గోళం వ్యాసం 80 కాదన్నమాట. కాలిపర్‌తో బయటి కొలత చూసుకోండి. అక్కణ్ణుంచి ఇవే రెండు కొలతలతో కిందికి దిగండి. చుక్కలు కుదిరాక పుల్లలు మాస్టారి కొలతకి కోయండి, చివర్లు రెండు వైపులా ఏటవాలుగా చెక్కండి. తప్పొచ్చినా ఒక్క పుల్లకే ఆగుతుంది, పక్కదానికి పాకదు.

ఇంకో సంగతి. ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ. ఈ సైజు గోళానికి అది మొండిది. వంచినా లేచి నిలబడుతుంది, ఫెవికాల్ ఆరేదాకా ఆగదు. మరుగుతున్న నీళ్లలో కాసేపు ముంచి, వేడి మీదే గోళానికి చుట్టి చల్లార్చండి, ఆ వంపు ఉండిపోతుంది. కానీ ఆ పని పాడు గోళం మీద చేయండి, మంచిదాని మీద కాదు. లేదా పల్చటి పీవీసీ షీటు తెచ్చుకోండి. అంతకంటే తేలిక.

బొమ్మల బాబాయి
పొనికి పుల్ల తడిపితే దానంతటదే వంగుతుంది.

సూటిగా
నౌకకి గోపురాలు ఆరు. సినిమాలో ముందు నాలుగు పేల్చేస్తారు. రెండు కడితే సరిపోతుంది.

కృష్ణా తీరం
సినిమా చూడనివాళ్లం ఉన్నాం, కథ చెప్పేయకండి.

సూటిగా
50 ఏళ్లు దాటింది.

కిట్ల_కోటి
శ్రీ గారూ, ఈ గోపురం మాత్రం స్క్రాచ్ బిల్డే. ఒప్పుకుంటున్నా.

పటమట మాస్టారు
ఒకవేళ సినిమాలో ఉన్నట్టే కావాలంటే 65 పుల్లలు చాలకపోవచ్చు. స్టిల్ ఒకటి పెద్దది చేసి, అయిదు పుల్లలు కలిసే బిందువు నుంచి అలాంటి పక్క బిందువు దాకా ఎన్ని పుల్లలున్నాయో లెక్కపెట్టాలి. రెండుంటే అమ్మాయి చెప్పిన లెక్క. మూడుంటే పొడుగులు మూడు రకాలు. నాలుగైతే ఇంకా పెరుగుతాయి. ఆ పట్టిక కావాలంటే రాస్తాను. మూడు పుల్లల రకానికి సగం గోళం అనేది సమంగా తెగదు, అదొక పెద్ద కథ...

రాత్రి_పనివాడు
వద్దు మాస్టారూ. రెండే చాలు.

లక్ష్మీపురం శ్రీ
ఆరు గోపురాలకు పొట్టివి 180, పొడుగువి 210. స్టాపర్ ఒకసారి బిగించి పొట్టివన్నీ కోసేశాకే రెండోదానికి మార్చండి. కోసినవి వేర్వేరు డబ్బాల్లో వేయండి. కలిసిపోయాయంటే ఏరడం నరకం, కాలేజీలో మోడల్ చేసినప్పుడు చూశాం.

రాత్రి_పనివాడు
ఒకటి వేశాను. 22.1, 25.1. చుట్టూ మూసుకుంది. పల్చ షీటు వాడా, ఫెవికాల్ పెట్టా. థాంక్స్ అందరికీ. మిగతావి ఆదివారం.

పటమట మాస్టారు
చాపం కొలతలే పనిచేశాయని గమనించగలరు.

లక్ష్మీపురం శ్రీ
చుక్కలు కంపాస్‌తో పెట్టారా లేదా అది చెప్పమనండి :)

బొమ్మల బాబాయి
లోపల చెట్లు దేనితో చేస్తావు తమ్ముడూ? రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు అద్దితే బ్రహ్మాండంగా ఉంటుంది. గోపురాన్ని నౌకకి అతికించేలోపే పెట్టాలి, తర్వాత చెయ్యి పట్టదు.

కొత్త_సభ్యుడు
సార్ ఆ 80 మి.మీ. బంతులు బెజవాడలో ఎక్కడ దొరుకుతాయి? గవర్నర్‌పేట మొత్తం తిరిగాను, చిన్నవే ఉన్నాయి.