ఐదో క్లాసు ఎక్స్‌కర్షన్‌కి వాటర్ పార్కా? దానికి 2,600 కట్టాలా?

మల్కాజ్‌గిరి_మమ్మీ:
మా బాబు ఐదో క్లాసు. నిన్న డైరీలో సర్క్యులర్ అంటించి పంపారు. ఎక్స్‌కర్షన్ అంట, ఊరి బయట వాటర్ పార్క్ అంట, 2,600, శుక్రవారం లోపు కట్టాలంట. కట్టనివాళ్ళకి ఆ రోజు స్కూల్ మామూలే అని కింద చిన్న అక్షరాల్లో రాశారు. మా చిన్నప్పుడు ఎక్స్‌కర్షన్ అంటే జూ, సాలార్‌జంగ్, గోల్కొండ, మహా అయితే నాగార్జునసాగర్. అమ్మ తెల్లారుజామున నాలుగింటికే లేచి పులిహోర కలిపేది. వాటర్ పార్క్‌లో వీళ్ళకి ఏం నేర్పిస్తారో నాకైతే తెలీట్లేదు. మా ఆయనేమో అందరూ వెళ్తుంటే వాడొక్కడే ఆగిపోతే బాగోదు, కట్టెయ్ అంటున్నారు. మీరేమంటారు?

బ్యాక్‌బెంచ్_బాద్‌షా:
కట్టెయ్ అక్కా. సాలార్‌జంగ్ పోయి మేం నేర్చుకున్నదేంది, లైన్ల నిలబడుడు, ముట్టుకోకు అనిపించుకునుడు. గంతే.

రిటైర్డ్_సోషల్_సార్:
అమ్మా, 31 ఏళ్ళు సోషల్ చెప్పాను, ఇరవై ట్రిప్పులకి తక్కువ కాకుండా నేనే దగ్గరుండి తీసుకెళ్ళాను, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. వాటర్ పార్క్‌కి అమ్మానాన్నలు ఏ ఆదివారమైనా తీసుకెళ్తారు. స్కూలు తీసుకెళ్ళాల్సింది ఇంట్లోవాళ్ళు తీసుకెళ్ళని చోటికి. సాలార్‌జంగ్‌లో ఆ గడియారం ఉందే, గంటకోసారి లోపల్నించి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్ళిపోతుంది, 12 కొట్టే వేళకి హాలంతా జనం. మా పిల్లలు అరవై మంది వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టేవాళ్ళు, ఒక్కడు కూడా దగ్గేవాడు కాదు. నాగార్జునకొండకి లాంచీలో పోతూ "మన కాళ్ళ కింద ఒక రాజధాని ఉందిరా, ఇక్ష్వాకుల విజయపురి, డ్యామ్ నీళ్ళొచ్చేలోపు తవ్వి, దొరికింది దొరికినట్టు ఆ కొండ మీదికి ఎక్కించారు" అని చెప్తే చాలు, అందరూ ఒకవైపుకే వచ్చి నీళ్ళలోకి తొంగిచూసేవాళ్ళు, ఊరు కనపడుతుందేమోనని. లాంచీవాడు తిట్టేవాడు, అటు ఒరుగుతోందని. ఇక గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ మీద బాలాహిస్సార్‌లో వినపడుతుంది, శత్రువు వస్తున్నాడని కబురు చెప్పే ఏర్పాటు అది. సోషలూ సైన్సూ ఒక్క చప్పట్లో అయిపోతాయి. ఇవన్నీ 2,600 పెట్టినా వాటర్ పార్క్‌లో దొరకవు.

వద్దంటే_వద్దు:
ఆ చప్పట్ల కథ ఇంకా ఎన్నాళ్ళు సార్? ఉత్త గైడ్ల మాట అది. పైన వాడి మనిషి ఇంకొకడు ఉంటాడు. అసలు స్కూల్ ట్రిప్పులే బంద్ చెయ్యాలి, వాటర్ పార్కూ వద్దు, కోటా వద్దు.

లంగర్‌హౌజ్_లోకల్:
సార్ నమస్తే. తప్పు రాసిన్రు. చప్పట్లు కొట్టేది ఫతే దర్వాజా కాడ కాదు. ఫతే దర్వాజా బయటి కోట గేటు, ఇప్పటికీ దాని కిందికెళ్లి బండ్లు పోతనే ఉంటయి. టికెట్ తీసుకుని లోపలికి పోయేది బాలాహిస్సార్ దర్వాజా, దాటంగనే గుమ్మటం ఉంటది సూడు, అక్కడ కొడతరు. నేను పుట్టి పెరిగిందే ఆ సందులల్ల.

రిటైర్డ్_సోషల్_సార్:
బాబూ, నేను చదివిన పుస్తకాల్లో ఫతే దర్వాజా అనే ఉంది. పిల్లలకీ అదే చెప్పాను.

లంగర్‌హౌజ్_లోకల్:
పుస్తకం రాసినాయన బస్సు దిగలేదేమో సార్. ఫతే దర్వాజా కాడ నిలబడి చప్పట్లు కొట్టి సూడున్రి, ఎనకనుంచి ఆటోవాడు హారన్ కొడ్తడు. 1687ల ఔరంగజేబు ఫౌజు లోపలికొచ్చిన గేటు అది, అందుకే ఫతే అంటే గెలుపు అని పేరు. చప్పట్లకూ దానికీ సంబంధం లేదు. ఇరవై ట్రిప్పులు తీస్కపోయి గిది తెల్వదా?

రిటైర్డ్_సోషల్_సార్:
మాట కాస్త మర్యాదగా రానివ్వండి.

కూకట్‌పల్లి_కోడర్:
ఇద్దరూ గేటు దగ్గరే ఉండిపోయారు, లోపలికి రండి బాబూ ఎండగా ఉంది 😀
నా మాట చెప్తా. మేం ఆరో క్లాసులో గోల్కొండ వెళ్ళాం, కోట నాకు ఒక్క ముక్క గుర్తులేదు, బస్సు గుర్తుంది. ముందు సీట్లో ఎవడికో వాంతి అయితే టీచర్ అందరి ముక్కు దగ్గరా ఒకే నిమ్మకాయ తిప్పింది. వెనక అంత్యాక్షరి. పది వేళ్ళకీ గొట్టాలు తొడుక్కుని ఒక్కోటి కొరుక్కుంటూ. నాకు తెలిసి ట్రిప్ అంటే బస్సే, అది ఎక్కడ ఆగినా ఒకటే. కాబట్టి వాటర్ పార్క్ అయితే తప్పేంటి, పిల్లలు ఎంజాయ్ చేస్తారు కదా, ఏడాదంతా నేర్చుకుంటూనే ఉన్నారు.

సైలెంట్_రీడర్:
జూకి వెళ్ళేవాళ్ళు సోమవారం సెలవని గుర్తుపెట్టుకోండి. మా స్కూల్ వాళ్ళు సోమవారమే తీసుకెళ్ళారు. గేటు మీద ఉన్న బొమ్మలు చూసి, పక్కన చెట్టు కింద పెరుగన్నం తిని వచ్చేశాం.

అంబర్‌పేట్_అక్క:
పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? మా చెల్లి దాన్ని చూసొచ్చి మూడు రాత్రులు లైటు ఆర్పనివ్వలేదు. (పైన పోస్ట్ పెట్టిన మమ్మీ కాదండోయ్.)

వద్దంటే_వద్దు:
అందరూ పులిహోర, నిమ్మకాయ అంటూ మురిసిపోతున్నారు. 2014 జూన్ 8 మర్చిపోయారా? హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు రాళ్ళ మీద నిలబడి ఫోటోలు దిగుతుంటే పైనుంచి లార్జి డ్యామ్ నీళ్ళు వదిలారు, 24 మంది స్టూడెంట్లు కొట్టుకుపోయారు. వాళ్ళు పెద్ద పిల్లలు. మరి ఐదో క్లాసు వాళ్ళని నీళ్ళలో దింపి ఇద్దరు టీచర్లు ఏం చూస్తారు?

రిటైర్డ్_సోషల్_సార్:
ఆ పిల్లల సంగతి ఎవరం మర్చిపోలేదమ్మా. కానీ అది చూపించి సాలార్‌జంగ్‌కి కూడా వెళ్ళొద్దంటే ఎలా? మ్యూజియంలో డ్యామ్ లేదు కదా. నా ట్రిప్పుల్లో ఒక్క పిల్లాడు తప్పిపోలేదు. జతలు కట్టించి, ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా, గంటకోసారి తలలు లెక్కపెట్టేవాణ్ణి.

వద్దంటే_వద్దు:
బస్సెక్కిన తలలే లెక్కపెట్టారు.

రిటైర్డ్_సోషల్_సార్:
అంటే?

వద్దంటే_వద్దు:
ఏం లేదు. మీ చప్పట్లు మీరు కొట్టుకోండి. వినపడదు అని మళ్ళీ చెప్తున్నా.

లంగర్‌హౌజ్_లోకల్:
ఇనపడతది. గేటే తప్పు చెప్పిన్రు సార్, చప్పట్లు మాత్రం నిజం. నేను చిన్నప్పుడు వెయ్యిసార్లు ఇన్న. నువ్వు ఎన్నిసార్లు పోయినవ్ అక్కా గోల్కొండకు? ఎప్పుడన్న పైదాక ఎక్కినవా? పొద్దుట్నుంచి ఉత్తదే ఉత్తదే అంటున్నవ్.

రిటైర్డ్_సోషల్_సార్:
అదే నేనూ అడుగుదామనుకున్నాను. ఒక్కసారి కూడా వెళ్ళకుండా పిల్లల ట్రిప్పులు మాన్పించాలని చూసేవాళ్ళని చాలామందిని చూశాను. తాము తినరు, ఒకరిని తిననివ్వరు.

వద్దంటే_వద్దు:
వెళ్ళలేదు. చాలా?

1993, ఏడో క్లాసు, ప్రైవేట్ స్కూలు, పేరు అనవసరం. గోల్కొండకి మనిషికి 40 రూపాయలు. నాన్న ప్రింటింగ్ ప్రెస్‌లో అక్షరాలు పేర్చేవాడు, రెండు నెలలుగా జీతం రాలేదు, అడగొద్దని అమ్మ ముందే చెప్పింది, నేను అడగలేదు. క్లాసులో ఐదుగురం మిగిలాం. బస్సు కదిలేటప్పుడు మమ్మల్ని గేటు దగ్గర నిలబెట్టి టాటా చెప్పించారు. క్లాసు ఖాళీ కదా, పీఈటీ సార్ వచ్చి ఊరికే ఎందుకు కూర్చుంటారని గ్రౌండ్‌లో రాళ్ళు ఏరించాడు. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే పులిహోర. నేను వెళ్ళట్లేదని తెలిసి కూడా అమ్మ పులిహోరే పెట్టింది. ఎందుకు పెట్టిందో నేను ఇప్పటికీ అడగలేదు.

మర్నాడు తెలుగు టీచర్ క్లాసంతటికీ "నేను చేసిన విహారయాత్ర" వ్యాసం రాయమంది. వెళ్ళనివాళ్ళం ఏం రాయాలి టీచర్ అంటే, విన్నది రాయండి అంది. నాకు తెలిసిందంతా రాశా. గేటు దగ్గర చప్పట్లు కొట్టాను, పైన ఉన్న నా ఫ్రెండుకి వినపడింది, రామదాసుని పెట్టిన జైలు చూస్తే నా కళ్ళలో నీళ్ళొచ్చాయి అని. పదికి తొమ్మిదొచ్చాయి. లేచి చదవమంది. సగంలో ఉండగా వెనకనుంచి ఒకడు "అది రాలేదు టీచర్" అన్నాడు. క్లాసంతా నవ్వారు, టీచర్ కూడా.

ఏ గేటో నాకు తెలీదు తమ్ముడూ. ఎప్పటికీ చూడను కూడా.

బ్యాక్‌బెంచ్_బాద్‌షా:
అరే.

లంగర్‌హౌజ్_లోకల్:
సారీ అక్కా. నాకు తెల్వదు.

రిటైర్డ్_సోషల్_సార్:
అమ్మా, చివర్లో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బస్సు మాట్లాడుకుంటే 50 మంది ఎక్కినా 30 మంది ఎక్కినా వాడికి అదే డబ్బు. తలకి ఇంత అని పంచుతాం. ఐదుగురు కట్టలేదని మిగతా 45 మందిని ఆపితే ఆ 45 మందిలో ఎంతమంది ఇంట్లోవాళ్ళు జన్మలో గోల్కొండ చూపిస్తారు? మేం చెయ్యలేదనుకోకండి. ఒక ఏడాది ఒక పిల్లాడికి నేనే డబ్బులు కట్టి తీసుకెళ్ళాను. సాయంత్రం వాళ్ళ నాన్న స్కూలుకొచ్చి స్టాఫ్ రూమ్‌లో అందరి ముందు నోట్లు బల్ల మీద కొట్టాడు, "మేం అడుక్కుంటున్నామా" అని. ఆ తర్వాత నేను ఎవరికీ కట్టలేదు. ఎవరూ రాలేదేంటని అడగడం కూడా మానేశాను. అది తప్పే కావచ్చు.

వద్దంటే_వద్దు:
ఆ నాన్న చేసింది కరెక్టే. మీరు కట్టి ఉంటే మా నాన్నా అలాగే కొట్టేవాడు. మీరు కట్టాలని కాదు సార్ నేను అడిగేది, అసలు తలకి ఇంత అని ఎందుకు పెట్టారని. సిటీ బస్సెక్కించి జూకి తీసుకెళ్తే 50 మందీ వచ్చేవాళ్ళు కదా? ముందు ఎక్కడికెళ్ళాలో డిసైడ్ చేసి, తర్వాత ఎవరు కట్టగలరో చూస్తారు. ముందు అందరూ ఎంత కట్టగలరో చూసి, తర్వాత చోటు వెతకొచ్చు కదా?

రిటైర్డ్_సోషల్_సార్:
50 మంది పిల్లల్ని సిటీ బస్సులో? మీరు ఒకసారి అఫ్జల్‌గంజ్‌లో దిగి చూడండమ్మా, తర్వాత మాట్లాడదాం.

వద్దంటే_వద్దు:
అయితే ఎవరూ వెళ్ళొద్దు.

రిటైర్డ్_సోషల్_సార్:
అది మాత్రం నేను ఒప్పుకోను.

కూకట్‌పల్లి_కోడర్:
ఇప్పుడు ఆలోచిస్తే మా బస్సులోనూ క్లాసంతా లేదు. ఎవరు రాలేదో ఎంత గుర్తుచేసుకున్నా గుర్తురావట్లేదు. నిమ్మకాయ మాత్రం గుర్తుంది.

అంబర్‌పేట్_అక్క:
ఇప్పుడు స్కూల్ ఫీజులోనే కలిపేసి అందరి దగ్గరా తీసుకుంటున్నారు కొన్నిచోట్ల. అప్పుడు ఎవరూ మిగిలిపోరు. కానీ అది ఇంకో దోపిడీ, ఎంత కలిపారో ఎవడికీ చెప్పరు.

సైలెంట్_రీడర్:
పోయేటట్టయితే శుక్రవారం మాత్రం వద్దు, సాలార్‌జంగ్ ఆ రోజు బంద్.

మల్కాజ్‌గిరి_మమ్మీ:
అందరికీ థాంక్స్. చదువుతూ ఉండిపోయా, కూర మాడిపోయింది. నేను అడిగింది వాటర్ పార్క్ మంచిదా గోల్కొండ మంచిదా అని. ఇదంతా చదివాక మా వాణ్ణి పిలిచి, మీ క్లాసులో ఎవరెవరు రావట్లేదురా అని అడిగా. తొమ్మిది మంది అన్నాడు, టక్కున, వేళ్ళ మీద పేర్లతో సహా. వాళ్ళలో ఇద్దరు వాడి బెంచివాళ్ళే.

క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో మేడంని అడిగా, రానివాళ్ళకి ఆ రోజు ఏం చేయిస్తారు అని. బ్లూ టిక్ పడింది. రిప్లై లేదు. ఇంకో ఇద్దరు పేరెంట్స్ నా మెసేజ్ కింద మామిడిపళ్ళ ఆర్డర్ గురించి మాట్లాడుకుంటున్నారు. రేపే శుక్రవారం.

బ్యాక్‌బెంచ్_బాద్‌షా:
మరి కడుతున్నవా అక్కా?

మల్కాజ్‌గిరి_మమ్మీ:
మా ఆయన నిన్న రాత్రే కట్టేశారంట. ఇప్పుడే చెప్పారు.