టౌన్ బస్సులన్నీ ఒకే డిపో కిందికి తేవాలా? కర్నూలు వాళ్లు చెప్పండి

బుధవారపేట బస్సుపిచ్చోడు:
ఈ-బస్సుల (కరెంటు బండ్ల) మాట మళ్లీ గట్టిగా వినబడుతోంది కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నా. కేంద్రం పథకం పీఎం ఈ-బస్ సేవ కింద మన రాష్ట్రంలో 11 నగరాలకు కలిపి 750 బస్సులు మంజూరయ్యాయి. కర్నూలుకు 50, అనంతపురానికి 50, కడపకు 50. డీజిల్ బండినైతే ఏ డిపోలో పెట్టినా ఆయిల్ కొట్టించి పంపొచ్చు. ఇవి అలా కాదు. చార్జింగ్ ఎక్కడుంటే రాత్రికి అక్కడికే చేరాలి, పొద్దున అక్కడి నుంచే కదలాలి. టౌన్ రూట్లు ఏ డిపోకి పోతాయనేది రేపు చార్జింగ్ పాయింట్లే తేలుస్తాయి.

ఎలాగూ తప్పనప్పుడు ముందే ఆ పని కానిచ్చేస్తే పోలా అనేది నా మాట. టౌన్‌లో తిరిగేవి, శివారు ఊళ్లకు పోయేవి అన్నీ ఒకే డిపో కిందికి తెచ్చేయాలి. ఒకే రోడ్డు మీద రెండు డిపోల బస్సులు తిరిగే చోట ఏం జరుగుతుందో అందరూ చూసేదే. ఐదు నిమిషాల్లో రెండు బండ్లు వెనకా ముందూ వస్తాయి, ఆ తర్వాత ముప్పావు గంట దిక్కుండదు. ఎవరి టైముల చార్టు వాళ్లు వేసుకుంటే ఇంతే. రాజ్‌విహార్‌లో నిలబడినవాడు అంతసేపు ఎందుకు చూస్తాడు? షేర్ ఆటో ఎక్కి పోతాడు. ఆ డబ్బులు రెండు డిపోలకూ రావు.

ఒప్పుకోనివాళ్లు ఎందుకో చెప్పండి.

పాత టికెట్ ట్రే:
బాబూ, చార్టు మాట ఎత్తావు కాబట్టి చెబుతున్నా. ట్రేలో టికెట్లు పెట్టుకుని పంచ్ కొట్టిన రోజుల నుంచి టికెట్ కొట్టే టిమ్ మిషన్ వచ్చిందాకా కండక్టరుగా చేసినవాణ్ని. రూటు డిపో మారితే బయటివాళ్లకు కనబడేది బస్సు మీద డిపో పేరు మారడం ఒక్కటే. లోపల మారేవి వేరే ఉంటాయి.

ముందు పోయేది నైట్ హాల్ట్. పల్లెకు పోయే ఆఖరు బస్సు రాత్రికి అక్కడే ఆగిపోతుంది. డ్రైవరు, కండక్టరు గుడి అరుగు మీదో బడి వరండాలోనో పడుకుంటారు. తెల్లవారుజామున అదే బండి మొదటి ట్రిప్పు. పాలవాళ్లు, కూరగాయలవాళ్లు, పెద్దాస్పత్రికి పోయేవాళ్లు దాన్నే నమ్ముకుని ఉంటారు. ఇప్పుడు ఆ రూటు ఇంకో డిపోకి పోయిందనుకో. కొత్త డిపో మేనేజరు, అదే డీఎం, ఏం చూస్తాడు? హాల్ట్ తీసేస్తే ఇద్దరి నైట్ అలవెన్సు మిగులుతుంది, బండి రోజూ గ్యారేజీకి వస్తే మెకానిక్కు చేతికి అందుతుంది. కాగితం మీద తప్పేమీ లేదు. కానీ ఐదున్నరకు ఊళ్లో కదిలే బస్సు కాస్తా, ఐదున్నరకు డిపో గేటు దాటే బస్సు అవుతుంది. ఊరు చేరేసరికి ఆరున్నర, ఒక్కోసారి ఏడు. తిరిగి వచ్చేసరికి మార్కెట్ పని అయిపోయి ఉంటుంది. ట్రిప్పులు ఎన్నని అడిగితే "ఒక్కటీ తగ్గలేదు" అంటారు. నిజమే, తగ్గలేదు. పనికొచ్చే ట్రిప్పు పోయింది, అంతే.

స్పేర్ బండి సంగతీ అంతే. దారిలో బస్సు ఆగిపోతే, డిపో దగ్గరిదైతే అరగంటలో ఇంకోటి పంపుతారు. దూరపు డిపోదైతే ఆ ట్రిప్పు రద్దు.

ఇక మనుషులు. సీనియారిటీ చూసి డ్యూటీలు ఎంచుకునే చోట, కొత్తగా వచ్చి పడిన పల్లె రూటు ఎవరికి మిగులుతుంది? నిన్నగాక మొన్న చేరినవాడికి. ఏ మలుపులో ఎవరు ఎక్కుతారో వాడికేం తెలుసు. పాత కండక్టరైతే "ఆగప్పా, అవ్వ వస్తాంది" అని బెల్లు కొట్టి ఆపిస్తాడు. ఇది ఏ రిజిస్టరులోనూ ఉండదు.

టౌన్ లోపల తిరిగేవాటికి ఒకే డిపో అంటే నాకు అభ్యంతరం లేదు. శివారు ఊళ్లు అన్నావు చూడు, అక్కడే తేడా కొడుతుంది.

కల్లూరు ఎస్టేట్:
పెద్దాయన మీద గౌరవంతోనే అంటున్నా, డిపో మారినందుకు రూటు పాడవదు. పాడైన రూటే డిపో మారుతుంది. పాలిచ్చే బర్రెను ఎవరైనా పక్కింటి కొట్టంలోకి తోలుతారా? కిలోమీటరుకు వచ్చే రాబడి, మన ఈపీకే, ఏడాదికేడాది పడిపోతుంటే డీఎం ఆ రూటును వదిలించుకోవాలని చూస్తాడు. జనం మాత్రం బస్సు మీద పేరు మారిన రోజు నుంచే లెక్క మొదలుపెడతారు.

డెడ్ కిలోమీటర్లు కూడా చూడండి. ఒక బస్సు డిపో నుంచి మొదటి స్టాపుకు ఖాళీగా 6 కిలోమీటర్లు పోయి, రాత్రి మళ్లీ 6 ఖాళీగా వస్తుందనుకుందాం. రోజుకు 12, ఏడాదికి 4,380. లీటరుకు 5 కిలోమీటర్లు వేసుకుంటే 876 లీటర్ల డీజిల్. ఇప్పటి ధరలో రమారమి 85 వేల రూపాయలు. ఒక్క బస్సుకు, ఒక్క మనిషీ ఎక్కకుండా! పది బస్సులైతే ఎనిమిదిన్నర లక్షలు. రూటును దగ్గరి డిపోకి మారిస్తే ఇది మిగులుతుంది. దాంతో ఇంకో ట్రిప్పు వేయొచ్చు.

పాత టికెట్ ట్రే:
వేయొచ్చు. ఎక్కడైనా వేశారా?

నందికొట్కూరు రోడ్డు:
అన్నా, మా ఊరి పేరు, డిపోల పేర్లు వద్దులే. నేను డిగ్రీ చదివేటప్పుడు మా ఊరి బస్సు డిపో మారింది. పొద్దున బస్సు ఏడుంపావుకు జరిగింది. బస్టాండులో దిగి ఆటో పట్టుకుని కాలేజీకి చేరేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. మా అమ్మ పూల గంప దించేసరికి బేరాలు అయిపోయేవి. అడగడానికి పోతే పాత డిపోలో "ఇప్పుడది మాది కాదమ్మా" అన్నారు. కొత్త డిపోలో "మాకు చార్టు ఇలాగే వచ్చింది" అన్నారు. మా బస్సు అంతకుముందు ఖాళీగా ఏమీ పోయేది కాదు, ఎస్టేట్ అన్నా. నిలబడి పోయేవాళ్లం.

2022 ఏప్రిల్‌లో జిల్లా చీలాక ఇంకో చిక్కు వచ్చి పడింది. ఉమ్మడి జిల్లాలో 12 డిపోలు. కర్నూలు వన్, టూ, ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ ఈ జిల్లాకు మిగిలాయి. నంద్యాల, ఆళ్లగడ్డ, ఆత్మకూరు, నందికొట్కూరు, బనగానపల్లె, కోవెలకుంట్ల, డోన్ కొత్త నంద్యాల జిల్లాకు పోయాయి. నందికొట్కూరు నుంచి కర్నూలుకు గట్టిగా ముప్పై కిలోమీటర్లు. ఆస్పత్రికి, కాలేజీకి, బట్టల షాపుకు, దేనికైనా ఇక్కడికే వస్తాం. డిపో జవాబు చెప్పుకునేది మాత్రం నంద్యాలకు. బస్సు టైము బాగాలేదని కర్నూలులో అర్జీ ఇస్తే "అది ఆ జిల్లాది" అంటే ఇక ఎవరిని పట్టుకోవాలి?

ఈపీకే అన్నారు కాబట్టి ఇంకొక్క మాట. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం, స్త్రీ శక్తి, వచ్చింది. పల్లెవెలుగులో మేమంతా జీరో టికెట్ మీదే పోతున్నాం. బస్సులో కాలు పెట్టే చోటు ఉండదు. రేపు ఈ రూటు నష్టాల్లో ఉందని చెప్పి ఇంకో డిపోకి తోలితే, ఆ నష్టం ఏ లెక్కలోది?

కల్లూరు ఎస్టేట్:
జీరో టికెట్ మీద కూడా చార్జీ ఎంతో మిషన్‌లో పడుతుందమ్మా. ఆ సొమ్ము ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి. లెక్క ప్రకారం రాబడి ఉన్నట్టే. చేతికి ఎప్పుడు వస్తుందనేది వేరే సంగతి.

నందికొట్కూరు రోడ్డు:
ఆ వేరే సంగతే కదన్నా మా టెన్షన్.

పాత కాగితాలు:
రూట్లు చేతులు మారడం ఈ ఊళ్లో కొత్తేమీ కాదు. ఒక ముఖ్యమంత్రి కుర్చీ పోయింది దీని మీదే.

1932లో నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. దాని వారసత్వంగా 1958 జనవరి 11న మన ఆర్టీసీ ఏర్పడింది. అప్పటికి సీమలో చాలా రూట్లు ప్రైవేటు యజమానులవే. జిల్లా తర్వాత జిల్లాగా జాతీయం చేస్తూ పోయే క్రమంలో కర్నూలు జిల్లా రూట్లకు స్కీములు వేశారు. యజమానులు కోర్టుకెక్కారు. ఏ ప్రాంతం ముందు, ఏది తర్వాత అనే వరుసలో రాజకీయ కక్ష దూరిందనేది వాళ్ల ఆరోపణ. సి.ఎస్. రౌజీ కేసుగా అది సుప్రీంకోర్టుదాకా పోయింది. 1964లో కోర్టు ఆ స్కీములను కొట్టేసింది. కోర్టు చేసిన వ్యాఖ్యల దరిమిలా ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి రాజీనామా చేశారు. ఆయనెవరో చెప్పక్కర్లేదు, మన పక్క అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి, తర్వాత రాష్ట్రపతి అయ్యారు.

నేను గమనించేదేమంటే, అప్పుడు రూటు చేయి మారాలంటే ముసాయిదా స్కీము ప్రచురించాలి, అభ్యంతరాలు వినాలి, ఆ తర్వాతే ఖాయం చేయాలి. అలా చేసినా కోర్టులో నిలబడలేదు. ఇప్పుడు డిపో నుంచి డిపోకి మార్చడానికి ఒక ఆఫీసు ఉత్తర్వు చాలు. లోపలి వ్యవహారం కాబట్టి చట్టం అడ్డు రాదు. జనాన్ని అడగాల్సిన పని లేదు. పొద్దున బస్సు కోసం నిలబడ్డవాడికే ముందు తెలుస్తుంది.

తుంగభద్ర అవతల:
కల్లూరు ఎస్టేట్ గారి సిద్ధాంతం మా వైపు అస్సలు పనిచేయదు. మాది అలంపూర్ దిక్కు. కర్నూలు మాకు వంతెన దాటితే వచ్చే ఊరు, కాగితాల్లో వేరే రాష్ట్రం. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఆగిన అంతర్రాష్ట్ర బస్సులు, రెండు ఆర్టీసీల ఒప్పందం కుదిరి నవంబరు 2న గానీ కదల్లేదు. ఆ ఒప్పందంలో తెలంగాణ బస్సులు 826, అవి ఆంధ్రలో తిరిగేది 1,61,258 కిలోమీటర్లు. ఆంధ్ర బస్సులు 638, అవి తెలంగాణలో తిరిగేది 1,60,999 కిలోమీటర్లు. రెండు వైపులా సమానం కావాలి, అంతే. అంతకుముందు ఆంధ్రవి 1,009 తిరిగేవి. 371 బస్సులు ఈ సమానం కోసం తగ్గాయి. వాటిలో నిండా జనంతో పోయేవి లేవంటారా? రాబడి బాగున్న రూటు కూడా చేయి మారుతుంది, బాబూ. కారణం రాబడి కానక్కర్లేదు.

కల్లూరు ఎస్టేట్:
అది రాష్ట్రాల మధ్య పంపకం సార్. నేను మాట్లాడుతున్నది ఒకే సంస్థ లోపల డిపోల గురించి.

తుంగభద్ర అవతల:
2015 దాకా ఇదీ ఒకే సంస్థే.

జెడ్ సిరీస్:
కొంచెం పక్కకు పోతున్నా, తిట్టొద్దు. ఏ బస్సు ఏ డిపో నుంచి వచ్చిందో నంబరు ప్లేటు చూసి చెప్పేస్తాం అనేవాళ్లు ఇక్కడ కొందరున్నారు. కుదరదు. ఏపీ 21 జెడ్ అంటే కర్నూలులో రిజిస్టరైన ఆర్టీసీ బండి అని మాత్రమే. రంగారెడ్డి జిల్లా నంబర్లయిన ఏపీ 28 జెడ్, 29 జెడ్ బండ్లు కూడా మన దగ్గర బోలెడు తిరిగాయి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒకటే వచ్చాక ఆ ఆధారం కూడా లేదు. బాడీ మీద రాసిన డిపో పేరే చూడాలి. అది కూడా దగ్గరికి పోయి చూడాలి. కొత్త పేరు రాసేముందు పాత పేరు మీద ఒక పూత రంగు వేస్తారు. ఆ చదరం చుట్టుపక్కల రంగుతో కలవదు. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు పక్కనుంచి చూస్తే పాత అక్షరాల అంచులు ఉబ్బెత్తుగా కనబడతాయి. ఒకే బండి మీద రెండు పేర్లు చదివాను నేను. అయితే అది బండి మారిన చరిత్ర, రూటు మారిన చరిత్ర కాదు. రూటు పోయినా బండి పాత డిపోలోనే ఉండొచ్చు. మంచి బండ్లు అట్టిపెట్టుకుని ముసలి బండ్లతో రూటును అప్పగించడం కూడా ఉంటుంది. పెద్దాయనకు తెలిసే ఉంటుంది.

పాత టికెట్ ట్రే:
తెలుసు. చెప్పను.

బుధవారపేట బస్సుపిచ్చోడు:
అందరి మాటా చదివాను. ఒకే డిపో అనే మాట మీదే ఉన్నాను. తిరుపతి చూడండి. 2022లో అక్కడికి 100 ఈ-బస్సులు వచ్చాయి. యాభై తిరుమల ఘాట్‌కు, 14 విమానాశ్రయం నుంచి కొండకు, కడప, నెల్లూరు, మదనపల్లెలకు పన్నెండేసి. అన్నీ అలిపిరి డిపోవే. కడప రూటు బండ్లు కూడా అక్కడివే అయ్యాయి. రేపు ఇక్కడా అదే జరుగుతుంది. జరగక ముందే మనం షరతులు పెట్టుకోవాలి. రూటు ఏ డిపోదైనా, రెండు చివరల నుంచీ మొదటి బస్సు ఎన్నింటికో, ఆఖరు బస్సు ఎన్నింటికో ఖాయం చేసి బస్టాండులో రాసి పెట్టాలి. డిపో మారినా ఆ నాలుగు టైములు మారకూడదు. మధ్యలో చార్టు వాళ్లిష్టం.

పాత టికెట్ ట్రే:
ఆ నాలుగు టైముల మాట బాగుంది. కానీ ఈ-బస్సు హాల్ట్ ఎలా చేస్తుందో చెప్పు. పల్లెలో చార్జింగ్ ఎక్కడిది? పైగా ఇవి కిలోమీటరుకు ఇంత అని కంపెనీకి కట్టే కాంట్రాక్టు బండ్లు, డ్రైవరు కూడా వాళ్ల మనిషే. గుడి అరుగు మీద పడుకోమంటే పడుకుంటాడా? శివారు ఊళ్లకు డీజిల్ పల్లెవెలుగే ఉండాలి, ఊరికి దగ్గరి డిపోలోనే ఉండాలి.

బుధవారపేట బస్సుపిచ్చోడు:
సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. నాలుగు టైముల డిమాండుతో నేను రాస్తాను. ఎవరెవరు వస్తారు?

నందికొట్కూరు రోడ్డు:
నేను వస్తాను. అదే అర్జీ నంద్యాలలో కూడా ఇవ్వాలి, మా వైపు డిపోలు అక్కడివి. ఒక కాపీ నాకు పంపు.

పాత టికెట్ ట్రే:
నేనూ వస్తా. అందులో "శివారు సర్వీసులన్నీ ఒకే డిపోకి" అనే వాక్యం ఉంటే మాత్రం సంతకం పెట్టను.